ముహూర్తం చూసుకున్న స్వేచ్ఛ

పెళ్ళింక నెల ఉందనగా మా కోనసీమ పిల్లలకి దేశదిమ్మరులైపోవాలనిపిస్తోంది. అంతకుముందు అనిపించదు, పెళ్ళయ్యాక అసలే అనిపించదు. ఫోటోగ్రాఫరు ప్యాకేజీ కాగితం చేతికిచ్చి, ‘ట్రెడిషనలా, రాయలా, బోహోనా, ఏది కావాలండి?’ అని అడిగిన ఆ పూట మాత్రం రక్తం ఉడుకుతుంది. అబ్బాయి అమ్మాయి వంక చూస్తాడు. అమ్మాయి వాళ్ళమ్మ వంక చూస్తుంది. ‘మూడోదాంట్లో చీర ఉంటుందా బాబూ?’ అంటుందావిడ. ఉండదని తెలిశాక కాసేపు ఆలోచించి, ‘పోనీలే, సరదా పడుతున్నారు, చున్నీ అన్నా వేసుకోమ్మా’ అంటుంది. సంఘాన్ని ధిక్కరించే కార్యక్రమం పి.గన్నవరంలో ఇలా పెద్దల అనుమతితో మొదలవుతుంది.

ఫలానా జంట అని వేలెత్తి చూపక్కర్లేదు, సీజనంతా ఇలాంటివాళ్ళే. అబ్బాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేరు. జ్వరమొచ్చి సెలవు పెట్టినా క్షమాపణ చెప్పుకుని మరీ మెయిలు పంపే రకం. అమ్మాయి చిన్నప్పట్నుంచీ ఫస్టు ర్యాంకు, సాయంత్రం ఆరు దాటి గుమ్మం బయట ఉండి ఎరగదు. జాతకాలు కలిశాయి, శాఖ కలిసింది, పొలం గట్టు కూడా కలిసింది. వాళ్ళిద్దరూ మాత్రం కలిసింది నిశ్చితార్థం నాడే.

షూటింగు సోమవారం పెట్టుకున్నారు గనక, రాహుకాలం తొమ్మిదింటికి వెళ్ళాక స్వేచ్ఛ ప్రారంభం. అద్దెకు తెచ్చిన టాపు లేని జీపు, తీగలు తెగిన గిటారు, ఈకలు కుట్టిన టోపీ, కాలవ గట్టు మీద ఓ గుడారం, దానికి దారాల తోరణాలు, పక్కనే పాతకాలం సూట్‌కేసు. ప్రపంచమంతా తిరిగొచ్చినట్టు దాని నిండా స్టిక్కర్లు. లోపల ఏముందో అని తెరిచి చూస్తే అత్తగారి ఫ్లాస్కు, పూతరేకుల డబ్బా. అమ్మాయి తమ్ముడు గొడుగు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటాడు. గొడుగు ఎండకి, తమ్ముడు కాపలాకి.

‘అబ్బాయిగారూ, కొంచెం బాధ్యత లేనట్టు కూర్చోండి’ అంటాడు ఫోటోగ్రాఫరు.

‘ఎలాగండి?’

‘ఎవరేమనుకున్నా ఫరవాలేదన్నట్టు.’

‘ఆయ్, అలవాటు లేదండి.’

అక్కడే నాకు ఆ కుర్రాడంటే కాస్త అభిమానం కలిగింది. ఆ రోజు మొత్తం మీద కల్తీ లేని మాట అదొక్కటే.

వెనకాల అక్విడెక్టు ఉండాలట. ఉండాలి మరి! వైనతేయ పాయ మీదుగా కాలవ నీళ్ళు అవతలి గట్టుకు దాటించడానికి కాటన్ దొర హయాంలో, 1850ల మొదట్లో, హెయిగ్ అనే ఇంజనీరు 49 ఖానాలతో కట్టించిన కట్టడం అది. దాని పక్కనే తర్వాత కొత్తది కట్టి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఏ అర్ధరాత్రి ఎవరొచ్చి తలుపు కొట్టినా ముందు అన్నం పెట్టి ఆ తర్వాతే సంగతులడిగిన లంకల గన్నవరం ఇల్లాలు. ఏటి అవతలివాళ్ళ కోసం నీళ్ళనే నది దాటించారిక్కడ. మా జంట దాటిందల్లా కెమెరా ముందు గీసిన సుద్ద గీత.

తర్వాత పడవ సీను. నాటు పడవలో అమ్మాయి వెనక్కి వాలి నీళ్ళలో చెయ్యి పెట్టాలి. పడవకి గంట లెక్కన అద్దె. ఇదే మండలంలో గంటి పెదపూడి దగ్గర గోదావరి పోటెత్తితే దారి తెగిపోయి, ఊడిమూడిలంక, బూరుగులంక జనం బియ్యం మూటలు, బడి పిల్లలు, పురిటి మనుషులతో సహా అలాంటి పడవల్లోనే దాటారు. ‘తక్కువ వస్తువులతో సాదాగా బతకడం’ అని నగరాల్లో ఈ మధ్య ఉపన్యాసాలిస్తున్నారు. వరదొచ్చినప్పుడు లంకలోకి వెళితే ఉపన్యాసం లేకుండానే నేర్పుతారు. సంక్రాంతికి ఇల్లిల్లూ తిరిగే గంగిరెద్దులాయన, నిజంగానే ఊళ్ళు పట్టుకు తిరిగే మనిషి, ఆ దారిన వచ్చాడనుకోండి, ‘ఫ్రేములోకి వస్తున్నావు, పక్కకి జరుగు’ అంటారు.

అసలీ ‘బోహో’ వేషానికి మూలపురుషుడు పారిస్‌లో ఉన్నాడు. అన్రి ముర్జే అని, అద్దె కట్టలేని కవులూ చిత్రకారులూ చలికి వణుకుతూ ప్రేమించుకునే కథలు రాశాడు. 1849లో నాటకం ఆడితే జనం విరగబడ్డారు, 1851లో పుస్తకం వచ్చింది. గోదావరి మీద మన ఖానాలు లేస్తున్న రోజులే అవి. 1896లో పుచ్చీని దాన్నే ఒపెరా చేశాడు. అందులో నాయిక మీమీ క్షయతో పోతుంది. మా వాళ్ళ ప్యాకేజీలో ఆ దృశ్యం లేదు. తమాషా ఏమిటంటే, నాటకానికి డబ్బు రాగానే ముర్జే గారే ఆ దరిద్రపు వాడ వదిలేసి మంచి పేటకి మారిపోయాడు. మా అబ్బాయి ఆయన కన్నా తెలివైనవాడు. మంచి పేటలో ఫ్లాటు బుక్ చేసి, వాయిదాలు కట్టుకుంటూ, ఒక్క పూటకి దరిద్రాన్ని అద్దెకు తెచ్చుకున్నాడు.

పారిస్ దాకా పోనేల? ముంగండ ఈ మండలంలోదే. పదిహేడో శతాబ్దంలో ఆ ఊరి జగన్నాథ పండితుడు ఢిల్లీ వెళ్ళి షాజహాన్ చేత పండితరాయలనిపించుకున్నాడు. అక్కడ లవంగి అనే ముస్లిం పిల్లని ప్రేమించాడని, కాశీ పండితులు వెలివేస్తే గంగ మెట్ల మీద కూర్చుని శ్లోకానికో మెట్టు చొప్పున నదిని పైకి రప్పించాడని కథ. చరిత్రకారులు దాన్ని ఒప్పుకోరు, అది వేరే సంగతి. మా వాళ్ళు మాత్రం ఆ కథని రొమ్ము విరుచుకుని చెప్పుకుంటారు. షూటింగుకి వచ్చిన పెద్దమనిషి కూడా చెప్పాడు, ‘మాది పండితరాయల సీమండీ’ అని. ‘మరి మీ వాడే ఓ లవంగిని తెస్తేనో?’ అని అడిగేసరికి ఫ్లాస్కులో టీ చల్లారిపోతోందని లేచాడు. ప్రేమకి మూడొందల ఏళ్ళు దాటితే వారసత్వ సంపద. నిన్న మొన్నటిదైతే పరువు తక్కువ.

చలం ఈ పాఠం బాగా చదువుకున్నాడు. స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం చేస్తూనే, ప్లీడరు భార్య అమీర్‌తో వెళ్ళిపోయే ‘మైదానం’ 1927లో రాశాడు. రాసి ఊరుకోకుండా రాసినట్టు బతకబోయాడు. బెజవాడలో ఆయనకి అద్దె ఇల్లు దొరకడమే గగనమైంది. చివరికి 1950లో అరుణాచలం చేరుకున్నాడు. ఆయన దారి అంతా ఒప్పని నేననను. ఆయన రాతల్లో ఆడవాళ్ళు పడిన కష్టం ఆయన అనుకున్నంత అందంగా లేదని నా అభిప్రాయం. అయితే బిల్లు మాత్రం ఆయనే కట్టాడు. ఇవాళ బిల్లు కట్టేది అమ్మాయి తండ్రి, అదీ జీఎస్టీతో సహా.

ఇంతా చేసి ఆ పిల్లలకి నిజంగానే ఓ చిన్న కోరిక పుట్టిందని ఆ రాత్రి తెలిసింది. జీపు దిగాక అబ్బాయి మెల్లగా, ‘ఉద్యోగాలు మానేసి ఇలా ఊళ్ళు తిరిగితే?’ అన్నాడట. అమ్మాయి కళ్ళు మెరిశాయట. ఇద్దరూ కూర్చుని లెక్క కట్టారు. ఇంటి వాయిదా, కారు వాయిదా, రెండు పాలసీలు, బంగారం చీటీ. తిరుగుడు కోసం మిగిలింది డిసెంబరులో నాలుగు రోజులు, దిండి రిసార్టులో, అల్పాహారంతో కలిపి. నేను నవ్వేది ఈ పిల్లల మీద కాదు. వాళ్ళకి ఆశ పుట్టడమే నయం. ఆ ఆశని మూడు గంటల ప్యాకేజీ చేసి అమ్మినవాళ్ళ మీదా, కొనిచ్చి ‘మేం చాలా బ్రాడ్‌మైండెడ్’ అని భుజాలు తట్టుకున్న పెద్దల మీదా.

ఆల్బమ్ వచ్చింది. అట్ట మీద ‘హద్దుల్లేని ప్రేమ’ అని బంగారు అక్షరాలు. ఆ ‘పండితరాయల సీమ’ పెద్దాయన దాన్ని హాల్లో బల్ల మీద పెట్టి వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాడు. మొన్న ఆ హాల్లోకే ఓ జంట వచ్చింది, మేడ మీద వాటా అద్దెకుందట కదా అని. చదువుకున్న పిల్లలు, చేతిలో అడ్వాన్సు డబ్బు కూడా ఉంది. పెళ్ళి కాలేదని నిజమే చెప్పారు. పెద్దాయన ఆల్బమ్‌ని కాస్త పక్కకి జరిపి, ‘ఏమనుకోకండి, మేం ఫ్యామిలీలకే ఇస్తామండి’ అన్నాడు. వాళ్ళు గుమ్మం దాటుతుంటే వెనకనుంచి ఇంకోటి కూడా అడిగాడు, ‘ఇంతకీ మీరేవిట్లండి?’