కస్టమ్స్ హంస

పాలనూ నీళ్లనూ వేరుచేసే పక్షి ఒకటుందని మన కవులు చెప్పుకున్నారు గానీ, పాలనూ బాదం పాలనూ వేరుచేసే పక్షి ఇంకొకటుందని వాళ్లకు తెలియదు. ఆ పక్షి మానససరోవరంలో ఉండదు, రేవుల్లోని కస్టమ్స్ ఆఫీసుల్లో ఉంటుంది. దాని ముక్కు ఒక పుస్తకం. బ్రస్సెల్స్‌లోని ప్రపంచ కస్టమ్స్ సంస్థ తయారుచేసిన ఆ పుస్తకం పేరు హార్మనైజ్డ్ సిస్టమ్. 1988 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఓడెక్కే ప్రతి సరుకుకూ అందులో ఆరంకెల కోడ్ ఉంటుంది. మనం ఇంకో రెండంకెలు చేర్చి ఎనిమిది చేసుకున్నాం, అమెరికా వాళ్లు పది చేసుకున్నారు. ఈ పుస్తకంలో పాలది నాలుగో అధ్యాయం. ఇరుగుపొరుగు ఎవరంటే పక్షుల గుడ్లు, తేనె, 2022 కూర్పు నుంచి తినదగిన పురుగులు కూడా. సరే, అన్నీ ప్రాణుల నుంచి వచ్చినవే కదా అని సరిపెట్టుకుందాం. అవే పాలలో కాస్త కోకో కలిపి, తాగడానికి సిద్ధంగా సీసాలో పోస్తే మాత్రం అవి ఇరవై రెండో అధ్యాయానికి కాపురం మారుస్తాయి. ఆ అధ్యాయం పేరు పానీయాలు, మద్యం, వెనిగర్. బడికెళ్లే పిల్లవాడి చాక్లెట్ పాలు బ్రాందీకి పక్కింట్లో దిగుతాయన్నమాట.

పోనీ రుచి కలిపితే పాల కులం చెడుతుందనేది ఒక సూత్రమనుకుందామంటే, పెరుగు దగ్గర ఆ సూత్రం చెల్లదు. పెరుగు, యోగర్ట్, మజ్జిగ ఉండే 0403 పద్దు చాలా ఉదారమైనది. పంచదార వేసుకో, సువాసన కలుపుకో, పండ్లు, గింజలు, కోకో ఏం కలిపినా నా బిడ్డవే అంటుంది. 2022లో మనసు ఇంకా విశాలమై యోగర్ట్‌లో చాక్లెట్, మసాలా దినుసులు, కాఫీ, చివరికి బేకరీ సరుకులు కూడా ఉండవచ్చంది. కలిపినవి పాల పదార్థాల స్థానాన్ని ఆక్రమించకూడదు, యోగర్ట్ తన ముఖ్య స్వభావం పోగొట్టుకోకూడదు, అంతే షరతు. పక్కనే ఉన్న 0402 మాత్రం చిక్కబరిచిన పాలు, తీపి కలిపిన పాలు అని రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటుంది. సువాసన సంగతి ఎత్తదు. ఆ మౌనం అర్ధాంగీకారమా, తిరస్కారమా అన్న ప్రశ్న మీద దేశదేశాల లాయర్లు ఇళ్లు కట్టుకున్నారు. బిస్కెట్ ముక్కలు కలిపినా యోగర్ట్ యోగర్టే. యాలకుల వాసన తగిలితే పాలు పాలేనా అన్నది కోర్టు తేల్చాలి.

దీన్ని గుమాస్తాల చాదస్తమని నవ్వేస్తే పొరపాటు. చాదస్తానికి లాభం ఉండదు, దీనికి ఉంది. నా వాదన ఒక్కటే: పాలంటే ఏమిటని తెలుసుకోవాలనే కోరికతో ఈ ప్రశ్న ఎవరూ వేయరు. రెండు పద్దుల మధ్య సుంకంలో తేడా ఉన్నప్పుడే అది పుడుతుంది, తేడా ఎంత పెద్దదైతే తత్త్వచింతన అంత లోతుగా సాగుతుంది. పుస్తకానికీ ఈ సంగతి తెలుసు కాబోలు. అందులోని మూడో సూత్రం, ఒక సరుకు రెండు పద్దుల్లోనూ ఇమిడితే, ముందు నిర్దిష్టంగా పేరు పెట్టిన పద్దు చూడమంటుంది. తేలకపోతే సరుకు ముఖ్య స్వభావం చూడమంటుంది. అదీ తేలకపోతే? అంకెల వరుసలో ఏది చివర వస్తే దానికే కట్టబెట్టమంటుంది. అన్ని శాస్త్రాలూ అయ్యాక ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టడమే మిగిలిందని ఇంత నిజాయితీగా ఒప్పుకున్న గ్రంథం ఇంకొకటి చూపించండి.

తేడా పాలను ఎలా వండుతుందో చూడాలంటే అమెరికా చరిత్రే మంచి వంటల పుస్తకం. తమ పాడిరైతుకు కట్టిన మద్దతు ధర కూలిపోకుండా ఆ దేశం 1957లో, 45 శాతం, ఆపైన వెన్న కొవ్వు ఉన్న సరుకుల దిగుమతికి పగ్గం వేసింది. తర్వాత జునెక్స్ అనే ఒక దివ్యపదార్థం ఓడల్లో దిగింది. అందులో పంచదార, వెన్న కొవ్వు ఉండేవి. కొవ్వు సరిగ్గా 44 శాతం. ఐస్‌క్రీం ఫ్యాక్టరీలు దాన్ని ఆనందంగా కొనుక్కున్నాయి. ఏ వంటవాడి నాలుకా 44 కావాలని అడగలేదు, ఆ కొలత చట్టం పెట్టింది. ప్రభుత్వం కళ్లు తెరిచి 1967లో గీతను 5.5 శాతానికి దించింది. వ్యాపారం గీత కింద నుంచి దూరింది. 1970 ముగిసేసరికి తక్కువ కొవ్వు చాక్లెట్ పొడికీ, పాలు కలిపిన పశువుల దాణాకీ, ఐస్‌క్రీంకీ కూడా కోటాలు పెట్టాల్సి వచ్చింది. ఆ పోరాటానికి శిలాశాసనం లాంటి నోట్ ఒకటి వాళ్ల సుంకాల పుస్తకంలో నాలుగో అధ్యాయం మొదట్లో కనిపిస్తుంది. పాలతో చేసినవన్నీ తన కిందికే వస్తాయని గంభీరంగా మొదలుపెట్టి రెండింటిని మినహాయిస్తుంది: ఒకటి తెల్ల చాక్లెట్, రెండోది పాలను పరీక్షించే ఇన్‌ఫ్రారెడ్ యంత్రాలను సరిచూడటానికి మాత్రమే వాడతామని ధ్రువీకరించిన, తినడానికి పనికిరాని పాలపొడి. ఆ వాక్యం ఊరికే రాలేదు. ఎక్కడో ఒక ప్రయోగశాల పొడి డబ్బా కోటాలో ఇరుక్కుని ఉంటుందని నా ఊహ.

ఉత్తరాన కెనడాది ఇంకో రసం. ప్రపంచ వాణిజ్య సంస్థ పుట్టిన 1995లో దిగుమతి పరిమితులను సుంకాలుగా మార్చుకోమంటే ఆ దేశం శ్రద్ధగా మార్చుకుంది. ఆ లెక్క ఇప్పుడు ఇలా ఉంది: కోటా దాటిన చీజ్‌కు 245.5 శాతం, వెన్నకు 298.5 శాతం, ఐస్‌క్రీంకు 277 శాతం. ఆ అర శాతాలు చూస్తే ఎంత శాస్త్రీయంగా లెక్కగట్టారోనన్న గౌరవం కలుగుతుంది. ఇంత ఎత్తు గోడ కట్టాక దాని కింద కన్నాలు పడకుండా ఉంటాయా? తురిమిన మొజరెల్లా పక్కన నాలుగు పెప్పరోనీ ముక్కలు పెట్టి ఒకే పొట్లం కడితే అది చీజ్ కాదు, పిజ్జా కిట్. ఆహార తయారీల పద్దులోకి పోతుంది, గోడ దాని దారికి అడ్డు రాదు. 2013 నవంబర్‌లో ప్రభుత్వం సుంకాల చట్టం సవరించి కిట్‌లోని చీజ్‌ను మళ్లీ చీజ్ చేసింది. అంతకు ముందు ఏడాది ఒంటారియోలోని నయాగరా ప్రాంతంలో, అమెరికా నుంచి చీజ్ దొంగరవాణా చేశారన్న కేసులో పోలీసు ఉద్యోగం చేసినవాళ్లే నిందితులయ్యారు. గంజాయి కాదు, బంగారం కాదు, పిజ్జా మీద చల్లే చీజ్. ఆ దేశం సృష్టించిన అద్భుతాల్లో అన్నిటికన్నా గొప్పది మాత్రం డయాఫిల్టర్డ్ పాలు. వడపోసి మాంసకృత్తులు చిక్కబరిచిన ఈ ద్రవం సరిహద్దు దాటేటప్పుడు పాలు కాదు, ప్రొటీన్ సరుకు. అమెరికా నుంచి వస్తే సుంకం లేదు. సరిహద్దు దాటి చీజ్ ఫ్యాక్టరీలో కాలు పెట్టగానే ఆహార ప్రమాణాల లెక్కలో అదే పాలు. ఒకే ట్యాంకరు, ఒకే ద్రవం, రెండు శాఖలు, రెండు నిజాలు. అద్వైతులూ ద్వైతులూ శతాబ్దాలు వాదించుకున్న విషయాన్ని అక్కడి రెండు ప్రభుత్వ శాఖలు ఒకరినొకరు పలకరించుకోకుండానే సాధించాయి.

మనమేం తక్కువ తినలేదు. జీఎస్టీ తెచ్చినప్పుడు దేశంలోపల అమ్మే సరుకులకు కూడా 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టంలోని పద్దులనే అరువు తెచ్చుకున్నాం. దాంతో రేవులో ఉండాల్సిన హంస వీధి చివర పాల బూత్ మీద వచ్చి వాలింది. సువాసన కలిపిన పాలు 0402 అయితే 5 శాతం, 2202 99 30 కింద ‘పాలు కలిసిన పానీయం’ అయితే 12 శాతం. జీఎస్టీ కౌన్సిల్ 2018 డిసెంబర్‌లో పానీయమే అంది. 2023 అక్టోబర్‌లో మద్రాసు హైకోర్టు పార్లే ఆగ్రో కేసులో, కౌన్సిల్ పని రేట్లు సిఫార్సు చేయడమే గానీ సరుకు ఏ పద్దుదో తేల్చడం కాదని చెప్పి, పాలను పాల పద్దులోకి తెచ్చింది. విశాఖ డెయిరీ వేసిన కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా పాల పక్షమే వహించింది. ఏడు శాతం తేడా కోసం ఇన్ని వేల పేజీల వాదన! ఆ సీసాలో అసలు పాలెన్ని అని ఎవరైనా అడిగి ఉంటే దానికి జవాబు సీసా మీదే అచ్చై ఉంది.

ఇంత గందరగోళం ఎందుకు, జనం దాన్ని ఏమంటారో చూసి తేల్చేయవచ్చు కదా అని ఒక ఆక్షేపణ. మన న్యాయస్థానాలకు ఆ పద్ధతి ఇష్టమే. 2012లో సుప్రీంకోర్టు మెక్‌డొనాల్డ్స్ సాఫ్టీ మీద అలాగే తీర్పు చెప్పింది. తమ సాఫ్టీలో పాల కొవ్వు ఆహార చట్టం ఐస్‌క్రీంకు కోరే పది శాతం లేదు కాబట్టి అది ఐస్‌క్రీం కాదని కంపెనీ వాదించింది. తన సరుకులో సరుకు లేదని గర్వంగా నిరూపించుకునే వ్యాపారి పన్నుల కోర్టులో తప్ప ఎక్కడా దొరకడు. కొనేవాడు దాన్ని ఐస్‌క్రీం అనుకునే కొంటున్నాడు, కాబట్టి అది ఐస్‌క్రీమేనని కోర్టు తేల్చింది. మంచి తీర్పే. కానీ జనవాక్యం మీద నాకున్న గౌరవం ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. ఎండలో దాహానికి బాదం పాలు తాగినవాడు అది పానీయమంటాడు. అన్నం తినని పిల్లకు పట్టించిన తల్లి అది పాలంటుంది. ఇద్దరూ జనమే, ఇద్దరిదీ నిజమే. వాళ్లలో ఎవర్ని సాక్షిగా పిలవాలన్నదే అసలు వ్యాజ్యం.

రెండో ఆక్షేపణ బరువైనది. గీతలు గీయకపోతే పాడిరైతు మునుగుతాడు, రుచి పేరుతో కొవ్వు, పంచదార పేరుతో పాలపొడి వచ్చి పడతాయి అంటారు. నిజం. ఎనిమిది కోట్లకు పైగా కుటుంబాలు పాడి మీద ఆధారపడిన దేశంలో దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. 2022లో ఆస్ట్రేలియాతో, 2025లో బ్రిటన్‌తో చేసుకున్న ఒప్పందాల్లో మన వాళ్లు పాల ఉత్పత్తులను తలుపు బయటే ఉంచారంటే కారణం అదే. నేను రక్షణ వద్దనటం లేదు. ఒకే పాలు వేసే నాలుగు వేషాలకు నాలుగు రేట్లు పెట్టడాన్ని రక్షణ అంటే మాత్రం ఒప్పుకోను. జునెక్స్ ముంచింది అమెరికాలోని విస్కాన్సిన్ రైతునే, పిజ్జా కిట్ కన్నం వేసింది కెనడా రైతు ఇంటికే. 45 దగ్గర గీత గీసినవాడే 44ను పుట్టించాడు. రైతు పేరున కట్టిన ప్రతి వింత గోడ దగ్గరా లాభపడినవాడు ఎవడంటే, నిర్వచనాన్ని చదవగలిగినవాడు. ఆ చదువుకు ఫీజు కట్టగలిగేది పెద్ద కంపెనీలు గానీ నాలుగు గేదెలున్న మనిషి కాదు.

సుంకంలో తేడా ఉంటేనే ప్రశ్న పుడుతుందన్న నా వాదనకు రుజువు కావాలంటే 2025 సెప్టెంబర్ 22 చూడండి. ఆ రోజు నుంచి పాలు కలిసిన పానీయాల జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. 0402, 2202 99 30 రెండూ ఒకే రేటు మీద నిలబడ్డాయి. అంతే, అన్నేళ్లు కోర్టులను వేధించిన తాత్త్విక సమస్య ముందుకాలానికి ఆవిరైపోయింది. బాదం పాలు పాలా, పానీయమా అని ఇప్పుడు ఎవరికీ ఆసక్తి లేదు. సీసా మారలేదు, పాలు మారలేదు, బాదం మారలేదు. అయితే కొత్త రేట్లు వెనక్కి పనిచేయవు కాబట్టి, ఎప్పుడో తాగేసి సీసాలు కూడా పాత సామాన్ల వాడికి వేసేసిన పాల బకాయిల మీద వాదనలకు ఇంకా చోటు ఉంది. ఇక ముందున్న పని సంగతి. అదే రోజు కెఫీన్ పానీయాలకు రేటు 40 శాతం చేశారు. పాలు కలిసిన పానీయానికి 5, కెఫీన్ పానీయానికి 40. మధ్యలో ఏ పక్కకూ చెందని కోల్డ్ కాఫీ సీసా ఒకటి ఫ్రిజ్‌లో నిలబడి ఉంది. ఏడు శాతానికే అన్నేళ్లు పట్టింది, ఇక్కడ తేడా ముప్ఫై అయిదు. దాన్ని ఎవరు ముందు విడదీస్తారో గానీ, లాయర్లు మాత్రం గ్లాసులు కడిగి పెట్టుకోవచ్చు.