కోడ్ వచ్చింది, కొత్తది వేశాం

మన రోడ్ల మీద ఇప్పుడు రెండు రకాల లారీలు తిరుగుతున్నాయి. ఘాట్ మీద లోడుతో లాగనివి కొన్ని. సర్వీస్ సెంటర్ గేటు దాటగానే బ్రహ్మాండంగా లాగేవి కొన్ని. తమాషా ఏమిటంటే ఈ రెండూ ఒకటే లారీ.

నంద్యాల వైపు సిమెంటు ఎత్తుకుని నల్లమల ఘాట్ మీదుగా గిద్దలూరు వెళ్లే బండి సంగతే చూడండి. ఎత్తు మొదలైంది. డ్రైవర్ యాక్సిలరేటర్ అడుగంటా తొక్కాడు. మోత ఉంది, లాగుడు లేదు. గేరు దించాడు, ఇంకో గేరు దించాడు. వెనక బస్సువాడు హారన్ మీంచి చెయ్యి తియ్యడం లేదు. డాష్‌బోర్డులో పసుపు దీపం వెలిగింది. బండి పక్కకు తీసి, తాళం తిప్పి ఆపేసి, ఓ బీడీ కాల్చి మళ్లీ స్టార్ట్ చేస్తే దీపమూ లేదు, జబ్బూ లేదు. తరువాతి మలుపు దాకా హాయిగా లాగింది. ఆ మలుపులో మళ్లీ మొదలు.

ఎప్పుడూ ఉండే జబ్బును ఎవడైనా పట్టుకుంటాడు. వచ్చి పోయే జబ్బును పట్టుకోవాలంటే బుర్ర కావాలి, ఓపిక కావాలి, అన్నిటికంటే ముందు అది వచ్చే చోటికి మనమే వెళ్లాలి. మన కొత్త తరహా వర్క్‌షాపులు ఈ మూడింటికీ కలిపి ఒకే ప్రత్యామ్నాయం కనిపెట్టాయి. దాని పేరు ల్యాప్‌టాప్.

"సార్, ఘాట్‌లో పికప్ పడిపోతోంది."

"ఇక్కడ బాగానే ఉందిగా అన్నా."

"ఇక్కడ ఘాట్ లేదు సార్. బండిలో లోడూ లేదు."

"మరి ఇక్కడికెందుకు తెచ్చావ్?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల డ్రైవర్ ఇంకా పుట్టలేదు.

తరువాత కేబుల్ తగిలిస్తారు. తెర మీద కోడ్ కనిపిస్తుంది. రాసుకునేది లేదు, ఫొటో తీసేది లేదు, ముందు 'క్లియర్' నొక్కుతారు. డాష్‌బోర్డులో దీపం ఆరుతుంది, సర్వీస్ అడ్వైజర్ మొహంలో వెలుగుతుంది. ఇంజిన్ కంప్యూటర్, అంటే ఈసీయూ, తప్పు జరిగిన క్షణంలో ఆర్‌పీఎం ఎంత, లోడు ఎంత, కూలెంట్ వేడి ఎంత, బండి వేగం ఎంత అన్నవి కోడ్ పక్కనే భద్రంగా దాచిపెడుతుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కోడ్ చెరిపితే అదీ పోతుంది. దొంగలు పడ్డ ఇంటికి వచ్చిన ఎస్సై ముందుగా నేల కడిగించి, ముగ్గు వేయించి, ఆ తరువాత 'వేలిముద్రలేవీ దొరకలేదండీ' అన్నట్టుంటుంది వ్యవహారం.

కోడ్ చెరపని పుణ్యాత్ములు కూడా ఉన్నారు. వాళ్లు చదువుతారు. సగం.

భారీ వాహనాల్లో ఎక్కువగా నడిచే జె-1939 పద్ధతిలో ప్రతి కోడ్‌కూ రెండు ముఖ్యమైన నంబర్లుంటాయి. మొదటిది ఎస్‌పీఎన్. ఫిర్యాదు దేని గురించో చెబుతుంది. రెండోది ఎఫ్‌ఎంఐ. ఆ ఫిర్యాదు ఎలాంటిదో చెబుతుంది. ఎస్‌పీఎన్ 102 అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి, మెకానిక్కుల మాటల్లో బూస్ట్. దాని పక్కన 4 ఉంటే సెన్సర్ నుంచి రావలసిన వోల్టేజీ రావడం లేదు, వైరో కనెక్టరో సెన్సరో చూసుకోవాలి. 2 ఉంటే రీడింగ్‌కు నిలకడ లేదు. 18 ఉంటే మాత్రం కథ వేరు. 'రీడింగ్‌ను నమ్ముతున్నాను, తగ్గింది ఒత్తిడే' అంటోంది ఈసీయూ. అంటే సెన్సర్ చెబుతున్నది నిజమే కావచ్చు, ముందు గాలి ఎక్కడ పోతోందో చూడండి బాబూ అని.

102 చూసి 18 చూడని మహానుభావుడు ఏం చేస్తాడు? నిజం చెప్పిన సెన్సర్‌ను పీకేస్తాడు. కొత్త సెన్సర్ వస్తుంది. దానికీ లౌక్యం తెలియదు, అదీ నిజమే చెబుతుంది. దాన్నీ పీకేస్తారు. ఆ తరువాత వరస మామూలే. నాక్స్ సెన్సర్ అన్నారు, మార్చారు. డీజిల్ పంపు అన్నారు, దింపారు. ఇంజెక్టర్లు టెస్టింగ్‌కు పంపారు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కొట్టారు. చివరికి గొంతు తగ్గించి, 'టర్బో వీక్ అయిందండీ' అన్నారు. టర్బో పేరు వినగానే ఓనర్ గారు బీపీ మాత్ర కోసం తడుముకుంటారు. బండి షెడ్డులో ఉన్నా ఫైనాన్స్ కంతుకు మాత్రం పికప్ తగ్గదు, తేదీ తప్పకుండా వచ్చి నిలబడుతుంది.

ఇంతకీ దొంగ ఎక్కడున్నాడు? ఇంటర్‌కూలర్ నుంచి ఇంజిన్‌కు గాలి తెచ్చే రబ్బరు హోస్‌లో. కింది వైపు, క్లాంపు పక్కన, వేలిగోరంత చీలిక. వర్క్‌షాపులో నిలబెట్టి రేజింగ్ ఇస్తే ఆ చీలిక మూసుకునే ఉంటుంది. ఘాట్‌లో రబ్బరు వేడెక్కి మెత్తబడి, టర్బో ఒకటిన్నర, రెండు బార్ల ఒత్తిడితో గాలి తోసినప్పుడు నోరు తెరుస్తుంది. గాలి బయటికి, పికప్ లోయలోకి. అది తన ఆనవాలు దాచుకోనూ లేదు. క్లాంపు చుట్టూ సన్నటి ఆయిల్ చెమ్మ, దాని మీద అట్టకట్టిన నల్లటి దుమ్ము. గుడ్డతో తుడిచి, గొట్టాల చివర్లు మూసి, లోపలికి కాస్త గాలి పట్టి, పైన సబ్బునీళ్లు చల్లితే బుడగలు లేచి చోటు చూపిస్తాయి. ఖర్చు సబ్బు ముక్క. కానీ సబ్బునీళ్లకు పార్టు నంబర్ లేదు. పార్టు నంబర్ లేని వైద్యం బిల్లులో ఎక్కదు.

ఈ జబ్బు పట్టుకోవడం నిజానికి బ్రహ్మవిద్యేమీ కాదు. ల్యాప్‌టాప్‌ను టేబుల్ మీంచి లేపి, లోడు బండిలో క్లీనర్ సీట్లో కూర్చోబెట్టాలి. పక్కన మనిషి కూడా కూర్చోవాలి. వచ్చిన కష్టమల్లా అక్కడే, క్యాబిన్‌లో కూర్చుంటే చొక్కా నలుగుతుంది. ఈసీయూ క్షణక్షణం రెండు లెక్కలు చూపిస్తూనే ఉంటుంది: నేను ఇంత అడిగాను, నాకు ఇంత వచ్చింది. బండి పడిపోయిన క్షణంలో ఆ రెండూ చూస్తే సగం దారి తెలిసిపోతుంది. బూస్ట్ అడిగినంత రాకపోతే గాలి వైపు వెతకాలి. ఫిల్టర్, హోస్‌లు, ఇంటర్‌కూలర్, టర్బో యాక్చుయేటర్. కామన్ రైల్‌లో డీజిల్ ఒత్తిడి అడిగినంత రాకపోతే డీజిల్ వైపు వెతకాలి. ఫిల్టర్, నీళ్లు, ట్యాంకులోంచి పీల్చే గొట్టం, ఆ తరువాతే పంపు. చాలా ఇంజిన్లలో లోడు మీద ఆ రైల్‌లో 1,600 బార్లు, ఆ పైన ఒత్తిడి నిలబడాలి. పీల్చే లైనులో సన్నటి పగులుంటే డీజిల్‌తో పాటు గాలీ లోపలికి పోతుంది, ఒత్తిడి తడబడుతుంది. ఆ లైనులో కాసేపు ప్లాస్టిక్ గొట్టం ముక్క కలిపి చూస్తే బుడగలు పరుగెత్తడం కంటికే కనిపిస్తుంది. లక్ష రూపాయల పంపు విప్పక ముందు ఈ ముక్క పెట్టి చూడాలన్న ఆలోచన ఎందుకు రాదో, అది మాత్రం ఏ స్కానర్‌కూ అందని రహస్యం.

రెండూ అడిగినంత వస్తున్నాయి, కానీ ఈసీయూ అడిగిందే తక్కువ. అప్పుడు? అప్పుడు చాలాసార్లు ఇంజిన్‌కు జబ్బే ఉండదు. పైనుంచి ఆర్డరు వచ్చింది.

ఇది కొత్త కాలపు వింత. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 కాలుష్య ప్రమాణం వచ్చింది. డీజిల్‌లో గంధకం 50 పీపీఎం నుంచి 10కి దిగింది. సైలెన్సర్ ఉండే చోట చిన్నపాటి రసాయన కర్మాగారం వెలిసింది. మసిని పట్టి కాల్చే డీపీఎఫ్, యూరియా ద్రావణంతో నైట్రోజన్ ఆక్సైడ్లను, అంటే నాక్స్‌ను, విరగ్గొట్టే ఎస్‌సీఆర్, ఆ పని సరిగ్గా జరుగుతోందో లేదో కనిపెట్టే నాక్స్ సెన్సర్లు. ఇందులో ఎవరు అలిగినా ఈసీయూ వేసే శిక్ష ఒకటే, శక్తి కోత. బీఎస్-6కు మాతృక అయిన యూరో-6లో ఈ కోతకు మెట్లు కూడా ఉన్నాయి. మొదటి మెట్టులో టార్క్ 25 శాతం తగ్గుతుంది. అప్పటికీ దారికి రాకపోతే బండి వేగం గంటకు 20 కిలోమీటర్లు దాటదు.

గాలి బాగుండాలన్న దానితో ఎవరికీ పేచీ లేదు. డ్రైవర్ కూడా ఆ గాలే పీలుస్తాడు. పేచీ అల్లా చెప్పే తీరుతోనే. ఘాట్ మధ్యలో సిమెంటు లోడుతో ఉన్న మనిషికి, ఎందుకు కోత పెట్టారో, ఇంకెంత దూరం పోనిస్తారో వివరంగా చెప్పకుండా ఒక పసుపు దీపం చూపించి ఊరుకుంటే ఎలా? 2025 ఆగస్టులో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఈ విషయమే పట్టించుకుంది. యూరియా ద్రావణంతో సమస్య వచ్చినప్పుడు బండి హఠాత్తుగా చతికిలపడకుండా, డ్రైవర్‌కు వ్యవధి ఉండేలా సాఫ్ట్‌వేర్ మార్చమని తయారీదార్లకు మార్గదర్శకాలిచ్చింది. అక్కడి డ్రైవర్ల కేకలు రాజధాని దాకా వినిపించాయి. మనవాడి కేక వినిపించదు. నల్లమలలో సిగ్నల్ ఉండదు కదా.

ఇక ఓనర్ల మహిమ కూడా కాస్త చెప్పుకోవాలి. ఆ యూరియా ద్రావణం పేరు యాడ్‌బ్లూ. అందులో 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీరు. దానికి ఐఎస్‌ఓ 22241 అనే ప్రమాణం ఉంది. మన ప్రమాణం వేరు. 45 కిలోల ఎరువు బస్తా, బోరు నీళ్లు, తిప్పడానికి ఒక కర్ర. పొలానికి పోయే యూరియాకు 2015 నుంచి వేపనూనె పూత తప్పనిసరి. పైరుకు మంచిదే. ఎస్‌సీఆర్‌కు మాత్రం ఆ వేపనూనె పడదు, బోరు నీటి ఉప్పు అసలే పడదు. చిమ్మే నాజిల్‌కు తెల్లటి గడ్డ కడుతుంది, నాక్స్ సెన్సర్ గోల పెడుతుంది, కోత పడుతుంది. డబ్బా మీద మిగిల్చిన నాలుగు రూపాయలు టోయింగ్ వ్యాను తాడుకు కూడా సరిపోవు. ఇంతకంటే తెలివైనవాడు ఎమ్యులేటర్ పెట్టిస్తాడు. యూరియా లేకపోయినా 'అంతా క్షేమం' అని ఈసీయూకు అబద్ధాలు చెప్పే డబ్బా అది. చట్టం ఒప్పుకోదు, అది అలా ఉంచండి. రేపు నిజంగా జబ్బు చేసినప్పుడు ఏ రీడింగ్ బండిదో ఏది డబ్బాదో తేల్చడానికి మెకానిక్ చాలడు, జాతకం చూసేవాడు కావాలి.

ఈ గొడవలో మన ఆటోనగర్ మేస్త్రి ఎక్కడున్నాడు? ఆయన్ను దేవుణ్ని చెయ్యనక్కర్లేదు. 'ముందు నాజిల్స్ విప్పేద్దాం' బాపతు విజయవాడలోనూ తక్కువేం కాదు. కానీ పనిమంతుడైన మేస్త్రి పానా పట్టుకునే ముందు డ్రైవర్‌ను కూర్చోబెట్టి అడిగేవాడు. వేడి మీద పడిపోతోందా, పొద్దున్నేనా? ట్యాంకు సగం దిగాకా? గతుకుల్లోనా? వానలోనా? ట్యాంకు దిగాక అయితే లోపలి పీల్చే గొట్టం పగిలిందేమో. గతుకుల్లో అయితే వైరింగ్ ఏ ఇనప బ్రాకెట్‌కో ఒరుసుకుంటోందేమో. వానలో అయితే కనెక్టర్‌లో తడి చేరిందేమో. చాలా బళ్లలో కొన్ని సెన్సర్లకు కలిపి ఒకే 5 వోల్టుల లైను పంచుతారు. ఒక్కచోట వైరు ఒరుసుకుపోయి బాడీకి తగిలితే ఆ లైను మీదున్న సెన్సర్లన్నీ ఒకేసారి తప్పుడు లెక్కలు చెబుతాయి, కోడ్లు కుప్పలుగా పడతాయి. ల్యాప్‌టాప్ భక్తుడు సెన్సర్లన్నీ మార్చేస్తాడు. వైరు వెతికి టేపు చుట్టేవాడు లేడు.

ఆ ప్రశ్నలు తెలిసిన మేస్త్రికి ల్యాప్‌టాప్ అందదు, ల్యాప్‌టాప్ ఉన్నవాడికి ప్రశ్నలు రావు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలు, జబ్బు పట్టే పరికరాలు బయటి మెకానిక్కులకు అందనివ్వడం లేదన్నది అభియోగం. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022 డిసెంబర్ 24న కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. పోర్టల్ తెరుచుకుంది. ఈసీయూ మాత్రం ఇంకా పాస్‌వర్డ్ అడుగుతూనే ఉంది.

పాపమంతా వర్క్‌షాపు నెత్తిన వేసి చేతులు దులుపుకుందామంటే కుదరదు. జబ్బు ఇంజిన్‌లో కంటే బిల్లులోనే ఎక్కువుంది. ఒక కుర్రాడు మధ్యాహ్నమంతా బండి కింద దొర్లి, ఆ వేలిగోరంత చీలిక పట్టుకుంటే ఓనర్ గారికి కోపం. 'చూసినందుకు కూడా డబ్బులా?' అదే కుర్రాడు ఏమీ చూడకుండా అట్టపెట్టె విప్పి సెన్సర్ బిగిస్తే, 'ఒరిజినలేనా?' అని ఒక్క మాట అడిగి మారు మాట్లాడకుండా కడతాడు. వెతకడానికి రేటు లేదు, బిగించడానికి ఉంది. అలాంటప్పుడు వెతికేవాడు వెర్రివాడు, బిగించేవాడు టెక్నీషియన్. డ్రైవర్ పోగొట్టుకున్న ట్రిప్పు బత్తా ఎవరి లెక్కలోనూ పడదు.

కాబట్టి ఓనర్ మహాశయులారా, వెతికిన పనికి వేరే లైను రాయమనండి, ఆ లైనుకు బేరమాడకుండా డబ్బు కట్టండి. జాబ్ కార్డులో 'పికప్ లేదు' అని గిలికి ఊరుకోనివ్వకండి. ఎక్కడ, ఎంత లోడు మీద, ఎంతసేపు నడిచాక అన్నది డ్రైవర్ చేత చెప్పించి రాయించండి. కోడ్ చెరిపే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ కాగితం మీదికి తీయించండి. 'సెన్సర్ మార్చాం' అన్నప్పుడు పాతది చెడిందని ఎలా తెలిసిందో అడగండి. జవాబులో ఒక కొలత ఉంటే, ఇన్ని వోల్టులు, ఇన్ని బార్లు, ఇంత లోడు మీద అని చెప్పగలిగితే, బిల్లు కట్టి పైన టీ డబ్బులు కూడా ఇవ్వండి. కొలత లేకపోతే ఆ పాత సెన్సర్ అడిగి ఇంటికి తెచ్చుకుని భద్రంగా దాచండి. చాలాసార్లు అది శుభ్రంగానే పనిచేస్తుంది. వచ్చే నెల కొత్తదాన్ని మార్చాలన్నప్పుడు స్పేరుగా పనికొస్తుంది.