పాతది బయటికొస్తేనే: ఒక గ్రీజు గన్ను ఆత్మకథ

నన్ను చూసి ముచ్చటపడినవాళ్లు లేరు. పట్టుకుంటే చేతికి జిడ్డు, ఆనుకుంటే చొక్కాకు మరక. మియాపూర్‌లో ముంబై హైవే వెనక సందులో ఒక రేకుల షెడ్డు ఉంది. అక్కడ గోడకు కొట్టిన మేకే నా ఇల్లు. పానాలు, జాకీలు, సుత్తెలు నా ఇరుగుపొరుగు. బండి చెడ్డాక వాటికి పిలుపొస్తుంది. బండి చెడకుండా ఉండాలంటే నాకు పిలుపు రావాలి. అందుకేనేమో, నన్ను పిలవడం చాలామంది మరచిపోతారు. నా పేరు గ్రీజు గన్ను.

నా ఒళ్లు ఒక ఇనుప గొట్టం. అందులో అర కిలో దాకా గ్రీజు పడుతుంది. వెనక నుంచి స్ప్రింగు ఒక బిళ్లను తోస్తుంది, బిళ్ల గ్రీజును తోస్తుంది. తల దగ్గర సన్నటి పిస్టన్, వెళ్లిన గ్రీజు వెనక్కి రాకుండా ఆపే ఉక్కు గుండు ఉంటాయి. మీట ఒకసారి నొక్కితే బయటికొచ్చేది గ్రాము అటూ ఇటూ. అయితే ఆ గ్రాము వెనకున్న బలాన్ని తక్కువ అంచనా వేయకండి. లారీ టైరులో గాలి నూరు నూటయాభై పీఎస్‌ఐ లోపే ఉంటుంది. నా మూతి దగ్గర ఒత్తిడి వేల పీఎస్‌ఐకి చేరుతుంది. అందుకే మా ఉస్తాద్ కొత్తగా చేరిన కుర్రాడికి ముందు చెప్పేది ఒకటే: గొట్టం మూతికి వేలు అడ్డం పెట్టొద్దని. చీలిన గొట్టంలోంచి చిమ్మిన గ్రీజు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట్లో ఉండకపోవచ్చు. అయినా వెంటనే ఆపరేషన్ చేయగల ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఆలస్యమైతే వేలే పోవచ్చు.

నా వంశం పాతదే. ఎడ్లబండి ఇరుసుకు ఆముదంతో కందెన పెట్టినవాళ్లే నా పూర్వీకులు. మోటారు బండ్లు వచ్చిన తొలి రోజుల్లో ఇరుసులకు, కీళ్లకు చిన్న చిన్న గిన్నెలు బిగించేవారు. వాటిలో గ్రీజు నింపి, మూత తిప్పి తిప్పి లోపలికి దించేవారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో చికాగోలో ఆర్థర్ గుల్బోర్గ్ అనే ఆయన, గొట్టం తగిలించి ఒత్తిడితో గ్రీజు ఎక్కించే పద్ధతి కనిపెట్టాడు. తర్వాత ఆస్కార్ జెర్క్ ఇప్పుడు మీరు చూస్తున్న గుండ్రటి తల నిప్పల్‌కు రూపమిచ్చాడు. 1929లో దానికి అమెరికాలో పేటెంటు దక్కింది. ఆ నిప్పల్ లేకుంటే నాకు బతుకే లేదు. నా మూతి దాని తల మీద టక్కున కూర్చుంటుంది, లోపలి గుండు వెనక్కి జరిగి దారి ఇస్తుంది, మీట వదలగానే తలుపు మూసుకుంటుంది.

మా షెడ్డుకు వచ్చే బండ్లను చూస్తే సైబరాబాద్ ఎలా నిలబడిందో తెలుస్తుంది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచిన నాటి నుంచి ఈ పక్క కట్టడం ఆగలేదు. రాళ్లు తరలించే టిప్పర్లు, కాంక్రీటు తిప్పుకుంటూ పోయే రెడీమిక్స్ లారీలు, ఎండాకాలం బోర్లు ఎండగానే అపార్ట్‌మెంట్ల ముందు బారులు తీరే నీళ్ల ట్యాంకర్లు, అన్నీ మా దగ్గరికే వస్తాయి. 2017 నవంబర్‌లో ఇక్కడే మెట్రో ప్రారంభమైంది. పైన రైలు సాఫీగా పోతుంది. కింద నీళ్లు నిండిన ట్యాంకర్ మియాపూర్ చౌరస్తాలో పది గజాలు కదిలి ఆగుతుంది, మళ్లీ కదిలి ఆగుతుంది. హైవే మీద ఒకే వేగంతో పోయే లారీకి ఇంత కష్టం లేదు. నిండు బరువును ఆగినచోటి నుంచి లాగిన ప్రతిసారీ ఆ దెబ్బ తినేది ప్రొపెల్లర్ షాఫ్ట్ కొసల్లోని క్రాస్.

ఆ క్రాస్ సంగతి చెప్పాలి. గేర్ బాక్స్ చాసిస్‌కు బిగించి ఉంటుంది. వెనక ఇరుసు మాత్రం కమాన్లతో పాటు పైకీ కిందికీ ఊగుతుంది. కదలని దాన్నుంచి ఊగేదానికి తిరుగుడు బలం అందించాలంటే నడుమనున్న ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు వంగే కీలు కావాలి. పదహారో శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరు, పదిహేడో శతాబ్దపు ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ పేరు ఈ కీలుకు ముడిపడి ఉన్నాయి. మోటారు బండ్లకు దీన్ని పనికొచ్చేలా మలిచి 1903లో పేటెంటు పొందింది క్లారెన్స్ స్పైసర్. ఆ కీలులో కూడిక గుర్తు ఆకారంలో ఉన్న ఉక్కు ముక్కే క్రాస్. దాని నాలుగు చేతులకూ నాలుగు కప్పులు, ప్రతి కప్పులో సూదుల్లాంటి రోలర్లు. ఈ రోలర్లు చక్రాల బేరింగులా గిర్రున తిరగవు. షాఫ్ట్ తిరుగుతున్నంతసేపూ ఉన్నచోటే కాస్త ముందుకూ కాస్త వెనక్కీ ఊగుతాయి. అందువల్ల వాటి మధ్య గ్రీజు పొర తెగితే దెబ్బంతా ఎప్పుడూ ఒకేచోట పడుతుంది. క్రాస్ చేతి మీద సూదుల అచ్చులు గాళ్లుగా పడిపోతాయి.

నా పని అక్కడే. ముందు గుడ్డతో నిప్పల్ తల తుడవాలి. తుడవకపోతే గ్రీజు కంటే ముందు ఇసుక లోపలికి పోతుంది. తర్వాత మెల్లగా, ఆగి ఆగి మీట నొక్కాలి. క్రాస్ లోపల నాలుగు వైపులకూ దారులున్నాయి. కొత్త గ్రీజు వెళ్లేకొద్దీ పాతది కప్పుల సీళ్ల పక్కనుంచి బయటికి నెట్టుకొస్తుంది. మొన్న ఒక ట్యాంకర్ కింద పడుకుని కుర్రాడు అరిచాడు:

"ఉస్తాద్, మూడు కప్పులకెల్లి వచ్చింది. ఇంగ చాల్నా?"

"నాలుగోది ఎవనికి ఇడిచిపెడ్తున్నవ్ రా? రేపు రోడ్డు మీద కొంప ముంచేది అదే."

షాఫ్ట్‌ను కాస్త అటూ ఇటూ కదిలించి, బరువు సడలించి మళ్లీ నొక్కమన్నాడు ఉస్తాద్. అప్పుడు నాలుగో కప్పు నుంచి తుప్పు రంగు ముద్ద బయటపడింది, దాని వెనకే శుభ్రమైన గ్రీజు తొంగిచూసింది. అప్పటికీ రాకపోతే ఆ కప్పు విప్పి చూడాల్సిందే. నా బతుకంతటికీ నేను నేర్చుకున్న సూత్రం ఇదొక్కటే: ఎన్నిసార్లు నొక్కామన్నది లెక్క కాదు, పాతది బయటికి వచ్చిందా లేదా అన్నదే లెక్క.

స్లిప్ జాయింట్ దగ్గర పద్ధతి వేరు. ఇరుసు ఊగేటప్పుడు షాఫ్ట్ పొడవు మారాలి కాబట్టి పళ్లున్న రెండు ముక్కలు ఒకదానిలో ఒకటి జారుతుంటాయి. దాని కొసన మూతకు చిన్న గాలి రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రంలోంచి గ్రీజు వచ్చేదాకా నొక్కాలి. తర్వాత రంధ్రాన్ని వేలితో మూసి, అవతలి సీలు దగ్గర గ్రీజు కనిపించేదాకా నొక్కాలి. నా మూతికి వేలు పెట్టొద్దని ఇందాక అన్నాను కదా, ఇక్కడ మూసేది జాయింటు రంధ్రాన్నే. షాఫ్ట్‌ను విడదీస్తే ముందే గుర్తు పెట్టుకుని, అవే పళ్లలో మళ్లీ కూర్చోబెట్టాలి. ఒక పన్ను తప్పినా బండి వణుకుతుంది. షాఫ్ట్‌ను నడుమ మోసే సెంటర్ బేరింగ్ చాలా బండ్లలో ముందే గ్రీజు నింపి మూసేసి వస్తుంది. నిప్పల్ ఉంటేనే నాకక్కడ పని. ముందు చక్రాల కింగ్ పిన్నుకు గ్రీజు పెట్టేటప్పుడు జాకీతో చక్రం నేలకు ఎడంగా లేపితే, బరువు ఆనే ముఖానికి కూడా గ్రీజు అందుతుంది. బ్రేకు కామ్ దగ్గర, క్లచ్ దగ్గర మాత్రం చేయి అదుపులో ఉండాలి. అక్కడ ఎక్కువైన గ్రీజు లైనర్ల మీద, ప్లేటు మీద పడితే బ్రేకు పట్టదు, క్లచ్ జారుతుంది.

ఇక నా తిండి సంగతి. గ్రీజంటే నూనె, సబ్బు, కొన్ని మందులు. దీపపు ఒత్తి నూనెను పట్టి ఉంచినట్టు సబ్బు ఆ నూనెను పట్టి ఉంచి, అవసరమైనంత వదులుతుంది. సబ్బులో తేడాలున్నాయి. పాతకాలపు కాల్షియం గ్రీజు నీళ్లకు చెక్కుచెదరదు గానీ వేడికి త్వరగా కరుగుతుంది. సోడియం గ్రీజు వేడికి ఆగుతుంది గానీ నీళ్లు తగిలితే కొట్టుకుపోతుంది. ఈ రెంటికీ మధ్యేమార్గంగా వచ్చింది లిథియం గ్రీజు. 1940లలో మొదలైన ఈ రకమే ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉంది. దాని సబ్బుకు మూలం మన ఆముదమే. ఆముదానికి హైడ్రోజన్ పట్టించి తీసే ఆమ్లాన్ని లిథియంతో కలిపితే ఆ సబ్బు వస్తుంది. పాలమూరు, నల్లగొండ ఎర్ర చెలకల్లో పండిన పంట ఆముదం. దీని మీద పరిశోధన చేసే నూనెగింజల పరిశోధన సంస్థ కూడా ఇక్కడే రాజేంద్రనగర్‌లో ఉంది. ఎడ్లబండి ఇరుసు నుంచి టిప్పర్ క్రాస్ దాకా ఆముదం మమ్మల్ని వదల్లేదు.

ఒకరోజు ఒక డ్రైవర్ డబ్బా చేత్తో పట్టుకుని వచ్చాడు.

"ఉస్తాద్, ఎర్ర గ్రీజు తెచ్చిన. ఎంత గరమైనా కరగదంట."

"రంగు జూసి కొన్నవా అన్నా, డబ్బ మీద రాసింది జూసి కొన్నవా?"

ఎరుపు, నీలం, ఆకుపచ్చ చాలావరకు కలిపిన రంగులే. వాటిని బట్టి గుణం చెప్పలేం. చూడాల్సింది ఎన్‌ఎల్‌జీఐ అంకె. 25 డిగ్రీల వేడిలో గ్రీజు మీదికి ఒక లోహపు శంకువును వదిలి, అది ఎంత లోతు దిగిందో కొలుస్తారు. 26.5 నుంచి 29.5 మిల్లీమీటర్లు దిగితే 2వ నంబరు, 22 నుంచి 25 దిగితే 3వ నంబరు. ఈ అంకె గ్రీజు గట్టితనాన్నే చెబుతుంది, లోపలి నూనె చిక్కదనాన్ని చెప్పదు. దుకాణాల్లో ఏపీ-3 అని అడిగి తెచ్చుకునేది 3వ నంబరు గ్రీజు. హబ్ విప్పి బేరింగులో చేత్తో కూరడానికి అది బాగుంటుంది. క్రాస్ లోపలి సన్న దారుల్లోకి నెట్టాలంటే మాత్రం గట్టిదైపోతుంది. అక్కడికి 2వ నంబరు, డబ్బా మీద ఈపీ అని ఉన్న లిథియం లేదా లిథియం కాంప్లెక్స్ గ్రీజు సరైనది. ఈపీ అంటే అధిక ఒత్తిడికి ఆగే మందు కలిపినది. మాలీ, అంటే మాలిబ్డినం డైసల్ఫైడ్, కలిసిన నల్ల గ్రీజు జారే చోట్లకు మంచిది. స్లిప్ జాయింటుకు, పిన్నులకు అది నప్పుతుంది. సూది బేరింగులకు మాత్రం బండి కంపెనీ పుస్తకం ఒప్పుకుంటేనే వాడాలి.

డ్రైవర్ తెచ్చిన డబ్బా తిప్పి చూస్తే, అందులో ఉన్నది మట్టితో గట్టిపరిచిన బెంటోనైట్ గ్రీజు. అది కరగదన్న మాట నిజమే. కానీ అతని బండి కీళ్లలో అప్పటికే ఉన్నది లిథియం. ఈ రెండూ కలిస్తే పలచబడి కారిపోవచ్చు. "దీన్ని వాడాలంటే పాతదంతా తీసెయ్యాలె. లేదంటే ఉన్న రకమే తే," అన్నాడు ఉస్తాద్. గేర్ నూనెల్లోనూ ఇదే జాగ్రత్త. వెనక ఇరుసు హౌసింగ్‌కు అడిగే జీఎల్-5 నూనెను, జీఎల్-4 అడిగే గేర్ బాక్స్‌లో పోస్తే అందులోని గంధకపు మందులు ఇత్తడి, కంచు రింగులను తినేసే ప్రమాదం ఉంది.

నన్ను పట్టించుకోని బండి ముందే మొర పెట్టుకుంటుంది. మెల్లగా పోతుంటే కింద నుంచి కిచకిచ. క్లచ్ వదలగానే టక్కుమన్న చప్పుడు. వేగం అందుకుంటే వణుకు. కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి. ఇవన్నీ విని కూడా ఒక ట్యాంకర్ యజమాని వానాకాలం గడిచేదాకా చూద్దామనుకున్నాడు. నీళ్ల బండికి పైనుంచి కారే తడి ఎలాగూ ఉంటుంది, దానికి తోడు ప్రతి వారం ఒత్తిడి నీళ్లతో కడిగించేవాడు. కడిగాక గ్రీజు పెట్టించాలని ఎవరికీ తోచలేదు. నిండు లోడుతో గంగారం దగ్గర క్రాస్ విరిగి, షాఫ్ట్ వెనక కొస రోడ్డుకు ఆనింది. ముందు కొస విరిగి ఉంటే షాఫ్ట్ నేలలో గుచ్చుకుని బండి ఎగిరి పడేదేమో. దాన్ని లాక్కొచ్చిన క్రేన్ కిరాయిలో ఎన్నో ఏళ్లకు సరిపడా గ్రీజు వచ్చేది.

ఇప్పుడు మియాపూర్ డిపోలో ఎలక్ట్రిక్ బస్సులు కూడా తిరుగుతున్నాయి. మోటారు ఇరుసులోనే ఉండే బండ్లకు పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉండదు. నిప్పల్ లేని, జీవితకాలం సీలు చేసిన క్రాసులూ వచ్చాయి. అలాగని నా పని అయిపోలేదు. కింగ్ పిన్నులున్నంత కాలం, కమాన్ల షాకిల్ పిన్నులున్నంత కాలం నేను ఉంటాను.

ఇంతసేపు నా గోడు విన్న బండి యజమానులకు, డ్రైవరన్నలకు నా మాట ఇది. మీ బండి పుస్తకంలో గ్రీజు రకం, గడువు రాసి ఉంటాయి, వాటిని చూడండి. నీళ్లలో, దుమ్ములో, ఆగి ఆగి పోయే ట్రాఫిక్‌లో తిరిగే బండికి ఆ గడువును తగ్గించండి. బయటికొచ్చిన పాత గ్రీజును తుడిచి డబ్బాలో వేయండి, నాలాలో పడేస్తే అది చేరేది మన చెరువుల్లోకే. మెకానిక్ గ్రీజు పెట్టానంటే ఆ మాటతో సరిపెట్టుకోకండి. ఒకసారి వంగి, నాలుగు కప్పుల దగ్గరా కొత్త గ్రీజు కనిపిస్తోందో లేదో చూసి, అప్పుడే డబ్బులివ్వండి.