మూలనున్న పెట్టె: టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
మూలనున్న పెట్టె మోగును మేఘమై
కుర్చి చెంత బాసు కొసరు లేదు
పాకి చూడుమయ్య పసివాని చందాన
పంజగుట్టవాస! పాటరసిక!

అవతారిక: రెండు స్పీకర్లతో తృప్తి చెందక సబ్‌వూఫర్ తెచ్చుకున్న గృహస్థునకు కవి చేసిన హితబోధ ఇది. కవి పేరు తెలియదు. అమీర్‌పేటలో సారథి స్టూడియో వెనక సందులో అద్దెకుండేవాడనీ, ఇల్లు మారినప్పుడల్లా అదే పెట్టె వేరే గొంతుతో పలకడం చూసి జ్ఞానోదయమైందనీ ఐతిహ్యం.

ప్రతిపదార్థం: పంజగుట్టవాస = పంజగుట్ట అపార్ట్‌మెంటు నివాసముగా గలవాడా!; పాటరసిక = పాటలయందు ప్రీతి గలవాడా! (తెలుగు మాటకు సంస్కృతం అతికించిన వైరి సమాసం. ఈఎంఐల మీద కొన్న రసికునికి చెల్లుతుంది.); మూలన్ + ఉన్న = రెండు గోడలు కలిసేచోట, అనగా ప్లగ్గు ఉన్నచోట పెట్టబడిన; పెట్టె = సబ్‌వూఫర్; మేఘమై = మబ్బు వలె; మోగును = ఉరుమును; కుర్చి చెంత = నీవు కూర్చుని వినేచోట; బాసు = మంద్రధ్వని; కొసరు లేదు = పిసరంత కూడ లేదు; పసివాని చందాన = చంటివాడి వలె; పాకి చూడుము + అయ్య = నేల మీద పాకి పరీక్షింపుము.

తాత్పర్యం: ఓయీ! మూలన పెట్టిన సబ్‌వూఫర్ ఇల్లంతా ఉరుముతున్నా నీ కుర్చీ దగ్గర మాత్రం బాస్ వినబడదు. చంటిపిల్లవాడిలా పాకి, దానికి తగిన చోటు వెతుక్కో.

విశేషాలు: "బాసు" అనగా ఆఫీసులో పై అధికారి అనీ, ఆయన సీట్లో లేనప్పుడు పాటలు వినమని కవి భావమనీ కొందరంటారు. అది పొసగదు. అలాగైతే "లేడు" అని ఉండవలె.

ఉరిమే పెట్టెకు కుర్చీ దగ్గర మాట పడిపోవడం విరోధాభాసము. పరిహారం ఇది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 344 మీటర్లు పోతుంది. 40 హెర్ట్జ్ స్వరానికి ఒక్కో తరంగం పొడవు దాదాపు 8.6 మీటర్లు, అంటే 28 అడుగులు. మన హాలు 14 అడుగులనుకోండి. సరిగ్గా సగం తరంగం ఎదురెదురు గోడల మధ్య ఇరుక్కుని అక్కడే నిలబడిపోతుంది. గోడల దగ్గర ఒత్తిడి హెచ్చు, నట్టనడుమ దాదాపు సున్న. రసికుడు కుర్చీ వేసుకునేది ఆ నట్టనడుమనే. గోడకానించిన దివాన్ మీద పడుకున్న మామగారికి మాత్రం బాస్ కావలసినంత, ఆయన అడగకపోయినా. పెట్టె మూలన ఉంటే గదికున్న ఇటువంటి స్వరాలన్నీ ఒక్కసారి మేల్కొంటాయి కనుక "మేఘమై" అన్నాడు. కోఠీ గుజరాతీ గల్లీకి పోయి 12 అంగుళాల డ్రైవర్ తెచ్చినా ఈ లెక్క మారదు. సబ్‌వూఫర్ కొన్నానని మనం అనుకుంటాం గానీ వాయించేది గదే. ఇంకా పెద్ద పెట్టె కొనమని కవి ఎక్కడా అనలేదు, గమనించగలరు.

"పాకి చూడుమయ్య" అన్నది ఈ పద్యానికి ప్రాణం. విధానం ఇది: కుర్చీ తీసి, అది ఉన్నచోట సబ్‌వూఫర్ పెట్టవలె. బాస్ గిటార్ మెట్లెక్కుతూ దిగుతూ ఉండే పాట ఒకటి పదేపదే మోగనిచ్చి, తాను గోడల వెంట పాకవలె. చెవి నేలకు దగ్గరగా ఉండాలి, ఎందుకంటే రేపు పెట్టె ఉండబోయేది ఆ ఎత్తులోనే. అన్ని స్వరాలూ సమంగా, ఏదీ గుయ్యిమనకుండా వినబడినచోట ఆగి, పెట్టెను అక్కడికి తెచ్చి, కుర్చీని యథాస్థానంలో వేయవలె. బాగా దద్దరిల్లేచోటు చూసి మురిసి ఆగిపోవడం ప్రథమ శిష్యుల పొరపాటు. మోగేదీ వినేదీ స్థానాలు మార్చుకున్నా ఫలితం మారదన్న సూత్రం దీనికి ఆధారం. 1877లో మొదటి సంపుటం వెలువడిన రేలీ ప్రభువు శబ్దశాస్త్ర గ్రంథంలో అది ఉంది. కాని రేలీ ప్రభువు పాకమనలేదు. అది మనవాడి సాహసం.

అమీర్‌పేట ప్రతులలో నాలుగో పాదం "అమిరుపేటవాస! అద్దెరసిక!" అని ఉంది. యతి చెల్లింది, ఔచిత్యమూ చెల్లింది. కోచింగ్ కుర్రాళ్ల హాస్టల్ గదిలో టూ పాయింట్ వన్ సెట్టు పెట్టెకు మంచం కింద తప్ప చోటుండదు. వాల్యూమ్ తిప్పాలంటే పాకక తప్పదు.

పెట్టె వెనకనున్న మీటల గురించి కవి పలకలేదు, టీకాకారునికి తప్పదు. పెట్టెకూ స్పీకర్లకూ స్వరాలు పంచిపెట్టే క్రాస్ఓవర్ మీటను 80 హెర్ట్జ్ దగ్గర ఉంచడం టీహెచ్ఎక్స్ వారి సంప్రదాయం. అంతకు దిగువ స్వరాలు ఏ దిక్కునుంచి వస్తున్నదీ చెవి సరిగా పట్టలేదు. 150కి తిప్పితే ఘంటసాల గొంతులో సగం సోఫా వెనకనుంచి వస్తుంది. ఫేజ్ మీట సున్నలోనూ 180లోనూ పెట్టి విని, కుర్చీలో బాస్ నిండుగా ఉన్నదాన్ని ఉంచుకుంటే చాలు.

ఇక కింది ఇంటి పిన్నిగారి సంగతి. గోడలూ శ్లాబూ సన్నని స్వరాలను ఆపుతాయి, మంద్రాన్ని ఆపలేవు. కనుక పాట పైనే ఉండిపోతుంది, దబ్ దబ్ మాత్రం పిన్నిగారి పడకగదిలోకి దిగుతుంది. చట్టం శరణు అందామా అంటే, 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పరిమితి 45 డెసిబెల్స్. దాన్ని కొలిచేది "ఎ" వెయిటింగ్ మీటరుతో. ఆ మీటరు 40 హెర్ట్జ్ దగ్గర దాదాపు 35 డెసిబెల్స్ తగ్గించి చదువుతుంది. 75 డెసిబెల్స్ మోత అందులో 40గా తేలి, చట్టానికి లోబడిన పౌరుడిలా కనిపిస్తుంది. పిన్నిగారికి ఆ మీటరు లేదు. పైగా 80 హెర్ట్జ్ దిగువన దిక్కు తెలియదని చెప్పుకున్నాం కదా, ఆ మోత ఏ ఫ్లాటుదో ఆమె చెవీ పట్టలేదు. అందుచేత అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో మొదటి తిట్లు సితారు నేర్చుకుంటున్న పక్కింటి అమ్మాయికి పడతాయి.