రెండు గ్రైండర్ల జట్టు

ఆటకు సెలవులుంటాయి, ఆడేవాళ్ళకూ సెలవులుంటాయి. చూసేవాడికి మాత్రం ఉండవు. మా ఆవిడకు ఈ సంగతి టెక్సస్ వచ్చిన మొదటి ఏడాదే తెలిసిపోయింది. సెప్టెంబరు నుంచి ఆదివారాలన్నీ డాలస్ కౌబాయ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు రాసిచ్చేస్తే, "జనవరిలో అయిపోతుందిగా" అని పాపం ఓపిక పట్టింది. జనవరి వచ్చింది, మావాళ్ళు ఓడిపోయి ఇళ్ళకు పోయారు. ఆమె పండక్కి గారెలు వేసి, "హమ్మయ్య, ఇక మనిషిలో పడతారు" అంది. అసలు కథ అప్పుడే మొదలవుతుందని, దాన్ని ఆఫ్‌సీజన్ అంటారని అప్పుడు చెప్పాను. పెళ్ళిచూపుల్లోనే చెప్పాల్సిన విషయం అంది. అప్పటికి నాకూ తెలియదు కదా!

మేముండేది ఫ్రిస్కోలో. పొద్దున్నే నడకకు వెళితే ఇంగ్లీషు కన్నా తెలుగే ఎక్కువ వినబడే ఊరు. కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం, సాధన చేసే మైదానం మా ఇంటికి పది నిమిషాల దూరం. 2016 నుంచీ అక్కడే. ఇక్కడ ఉండి ఈ జట్టును పట్టించుకోకపోవడం తెనాలిలో పుట్టి నాటకం చూడకపోవడం లాంటిదని నా వాదన. నేను తెనాలిలో పుట్టినవాణ్ణే. ఈ జట్టు ఆఖరిసారి సూపర్ బౌల్ అనే ఫైనల్ గెలిచింది 1996 జనవరిలో. అప్పుడు నేను పదో తరగతి పరీక్షలకు లెక్కలు బట్టీ పడుతున్నాను. ఆ తరువాత ఒక్కసారి కూడా సూపర్ బౌల్ ముందు మెట్టు దాకా అయినా ఎక్కలేదు. ఎక్కని మెట్టు కింద కూర్చుని చూసేవాళ్ళలో నేనొకణ్ణి.

ఐపీఎల్ వేలం తెలిసినవాళ్ళకు ఈ ఆఫ్‌సీజన్ చెప్పడం తేలిక. అక్కడ పర్సు అంటారు, ఇక్కడ శాలరీ క్యాప్. 2025లో ఒక్కో జట్టుకు 27 కోట్ల 92 లక్షల డాలర్లు. ఎండాకాలంలో తొంభై మందిని పోగేసి, ఆగస్టు చివరికి 53 మందికి తగ్గించాలి. కాలేజీ నుంచి వచ్చే కుర్రాళ్ళను మాత్రం వేలం వేయరు. ఏప్రిల్‌లో డ్రాఫ్ట్ అని ఏడు రౌండ్ల పంపకం, అందరికన్నా ఎక్కువ ఓడినవాడికి ముందు పిలుపు. పంక్తిలో ఆకలిగా ఉన్నవాడికి ముందు వడ్డించినట్టు. మాకూ ఆకలి గట్టిగానే ఉంది. 2025లో ఏడు గెలిచాం, తొమ్మిది ఓడాం, ఒకటి ఎటూ కాలేదు. ప్రత్యర్థులకు పాయింట్లు ఇవ్వడంలో లీగ్ మొత్తం మీద మా అంత ఉదారులు లేరు. సీజన్ అయిపోగానే డిఫెన్స్ కోచ్‌ను సాగనంపారు.

అందుకని ఈ జనవరిలో ఫ్రిజ్ మీది తెల్లబోర్డు తుడిచి, ఎర్ర మార్కర్‌తో 'మన అవసరాలు' అని శీర్షిక పెట్టి రాశాను: లైన్‌బ్యాకర్, కార్నర్, ఎడ్జ్ రషర్, సేఫ్టీ, అన్నీ డిఫెన్స్ స్థానాలే. కింద చిన్నక్షరాలతో 12, 20 అని. సీజన్ ముగిసేనాటికి మొదటి రౌండ్లో మా చేతిలో ఉన్న రెండు అవకాశాలు అవే. మర్నాడు పొద్దున కాఫీకి వెళ్ళి చూస్తే శీర్షిక అలాగే ఉంది. కింద మాత్రం కందిపప్పు, చింతపండు, అంట్ల సబ్బు, అమ్మాయికి బూట్లు. 12, 20 పక్కన డాలర్ల గుర్తు కూడా వచ్చింది, బూట్ల ధర అనుకుందేమో.

ఆ జాబితా పట్టుకుని కాస్ట్‌కో దుకాణానికి వెళ్ళినవాణ్ణి కందిపప్పుతో తిరిగిరావాలి కదా. గాలి కొట్టుకునే ప్యాడిల్ బోర్డుతో వచ్చాను. దాని మీద నిలబడి తెడ్డు వేసుకుంటూ చెరువులో పోవచ్చు. నాకు ఈత రాదు.

దీనికి డ్రాఫ్ట్‌లో ఒక సిద్ధాంతం ఉంది. అవసరాన్ని బట్టి తీసుకోకు, అందుబాటులో ఉన్నవాళ్ళలో అందరికన్నా గొప్పవాణ్ణి తీసుకో అంటారు. 2020లో మావాళ్ళకు కావలసింది డిఫెన్స్. కానీ పదిహేడో నంబరు దాకా సీడీ ల్యాంబ్ అనే రిసీవర్ ఎవరూ తీసుకోకుండా మిగిలాడు. ఎగరేసుకుపోయారు. ఇవాళ అతను జట్టుకు ఒక కన్ను. 2017లో అవసరం చూసుకుని, ఎడ్జ్ రషర్ కావాలి కాబట్టి ఇరవై ఎనిమిదో నంబరులో టాకో చార్ల్‌టన్‌ను తీసుకున్నారు. ఆ తరువాత రెండో పిలుపులో, ముప్ఫైలో, పిట్స్‌బర్గ్ అదే పని చేసే టి.జె. వాట్‌ను తీసుకుంది. టాకోను రెండేళ్ళకే వదిలేశారు, వాట్ మహామహుల వరసలో చేరాడు. ఇదంతా గరాజ్‌లో నిలబడి మా ఆవిడకు వివరించాను. "ఆ ధరకు ఆ సరుకు మళ్ళీ దొరకదు" అని కూడా అన్నాను. "సరే, రాత్రికి దాంతోనే పప్పు చేస్తాను" అంది.

ఆ బోర్డుకు గరాజ్‌లో చోటు చేయాలంటే ట్రెడ్‌మిల్‌ను కదపాలి. కదపలేను. డెడ్ మనీ అంటే ఏమిటో నాకు పుస్తకాలు చదివినా ఎక్కలేదు, ట్రెడ్‌మిల్‌ను చూశాక ఎక్కింది. ఆటగాడికి సంతకం పెట్టిన రోజే బోనస్ చేతిలో పెడతారు, ఖాతా పుస్తకంలో మాత్రం దాన్ని అయిదేళ్ళ దాకా ముక్కలు చేసి రాసుకోవచ్చు. మధ్యలో అతన్ని తీసేస్తే మిగిలిన ముక్కలన్నీ ఒక్కసారిగా నెత్తిన పడతాయి. మనిషి ఉండడు, ఖర్చు ఉంటుంది. నా ట్రెడ్‌మిల్ మీద నేను పరిగెత్తింది మూడు రోజులు. ఇప్పుడు తువ్వాళ్ళు ఆరేసుకుంటున్నాం. ఎవరికైనా ఇచ్చేద్దామంటే పోసిన డబ్బు గుర్తొచ్చి, ఉంచుదామంటే మా ఆవిడ చూపు గుర్తొచ్చి, అయిదేళ్ళుగా అది జట్టులోనే ఉంది.

రీస్ట్రక్చర్ అని ఇంకో విద్య ఉంది. ఈ ఏటి జీతాన్ని బోనస్ కింద మార్చి ఇప్పుడే ఇచ్చేసి, లెక్కను మాత్రం వచ్చే ఏళ్ళ మీదికి నెట్టడం. బంతి విసిరే మా క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌కు 2024లో నాలుగేళ్ళకు 24 కోట్ల డాలర్లు రాసిచ్చారు, ఏడాదికి ఆరు కోట్లు. ఇంత జీతం ఉన్న మనిషిని పెట్టుకుని పర్సు సరిపోవాలంటే ఈ నెట్టుడు తప్పదు. ఇది చెప్పి, మన సోఫా, ఫ్రిజ్ ఇలాగే రీస్ట్రక్చర్ చేశానన్నాను. మా ఆవిడ కాసేపు ఆలోచించి, "అప్పు అనడానికి ఇంత కష్టపడాలా అండీ?" అంది.

ఇంతవరకూ చెప్పినవి చిల్లర తప్పులు. అసలు తప్పు కూరల పిన్నిగారి వ్యవహారం.

మా వీధి చివర ఉంటారు ఆవిడ. ఇద్దరం ఉద్యోగాలకు పోయేవాళ్ళం కాబట్టి వారానికి రెండుసార్లు వాళ్ళింటి నుంచి కూరలు తెచ్చుకునేవాళ్ళం. గుత్తివంకాయ, గోంగూర పప్పు, దోసకాయ పచ్చడి. నాలుగేళ్ళు మా ఇల్లు నిలబడింది ఆ చేతి మీదే. పోయిన వేసవిలో ఆవిడ ట్రేకు రెండు డాలర్లు పెంచమన్నారు. మా ఆవిడ "ఇచ్చేయండి" అంది. నేను "ఉండు, తొందరేముంది, నేను మాట్లాడతాను" అన్నాను.

ఆ మాట నాది కాదు, జెర్రీ జోన్స్‌ది. మా జట్టు యజమాని. 1989లో స్టేడియం లీజుతో సహా దాదాపు 14 కోట్ల డాలర్లకు కొన్నాడు, అంటే ఇప్పుడు డాక్ ఒక్కడికి రాసిచ్చినదాని కన్నా తక్కువకు. చాలామంది యజమానులు జనరల్ మేనేజర్ అని ఒకణ్ణి జీతమిచ్చి పెట్టుకుంటే, ఈయన ఆ కుర్చీలో కూడా తానే కూర్చున్నాడు. ఇంకొకరికి వదలడు, తేల్చడు. ఆలస్యం చేసేకొద్దీ ధర పెరుగుతుందని ఊళ్ళో పిల్లాడికి కూడా తెలిసినా ఆగుతాడు. డాక్ ఒప్పందం కుదిరింది సీజన్ మొదటి ఆట రోజు పొద్దున.

మైకా పార్సన్స్ దగ్గర ఆ ఆట చెల్లలేదు. అతను 2021లో పన్నెండో నంబరులో వచ్చి, వరుసగా నాలుగేళ్ళు ఎదుటి క్వార్టర్‌బ్యాక్‌లకు నిద్రపట్టనివ్వని కుర్రాడు. 2025 మార్చిలో జెర్రీ అతని ఏజెంటును పక్కనపెట్టి నేరుగా అతనితోనే కూర్చుని మాట్లాడి, బేరం తెగిందనుకున్నాడు. ఏజెంటు తెగలేదన్నాడు. ఏప్రిల్ పోయింది, జూన్ పోయింది. ఆగస్టు ఒకటిన కుర్రాడు నన్ను పంపించెయ్యండన్నాడు. 28న గ్రీన్ బే ప్యాకర్స్‌కు ఇచ్చేశారు. వాళ్ళు నాలుగేళ్ళకు 18 కోట్ల 80 లక్షలు ఇచ్చారు. మాకు వచ్చింది 2026లో ఒకటి, 2027లో ఒకటి మొదటి రౌండ్ అవకాశాలు, పైన కెన్నీ క్లార్క్ అనే బరువైన డిఫెన్సివ్ ట్యాకిల్.

ఆ నెలంతా నేను జెర్రీని తిట్టాను. ఆఫీసులో, గుడి పార్కింగ్‌లో, ఇండియా ఫోన్‌లో మా బావతో కూడా. అదే నెలలో నేను చేసిందేమిటంటే, నడక దారిలో పిన్నిగారి భర్త బాబాయిగారిని పట్టుకుని, అమరావతి స్థలాల గురించి ఇరవై నిమిషాలు మాట్లాడి, చివర్లో కూరల ధర కదిపి, ఒక డాలరుకు ఒప్పించాను. ఆయన "సరేలేవయ్యా" అన్నారు. ఇంటికొచ్చి బేరం అయిపోయిందని ప్రకటించాను. సాయంత్రం పిన్నిగారు ఫోన్ చేశారు. "ఆయనకు వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలీదు, ఆయనతో బేరమేంటి బాబూ?" అన్నారు. గొంతులో కోపం లేదు, నిర్ణయం ఉంది. మర్నాటికి ఆవిడ కూరలన్నీ ఎదురింటివాళ్ళకు కుదిరిపోయాయి. ట్రేకు మూడు డాలర్లు ఎక్కువిచ్చారట. రెండు అడిగిన మనిషికి మూడు!

ఎదురింటాయన మంచివాడు. నా ముఖం చూసి జాలిపడి, "మా అమ్మ పెట్టే ఆవకాయ ఈ వేసవికి ఒక జాడీ, వచ్చే వేసవికి ఒక జాడీ మీకే" అన్నాడు. వాళ్ళు వాడకుండా పెట్టిన తడి గ్రైండర్ కూడా మోసుకొచ్చి ఇచ్చాడు. నేను లోపలికి తెచ్చి, బరువు చూడు, రాయి చూడు అన్నాను. మా ఆవిడ గ్రైండర్ చూడలేదు, నన్నే చూసింది.

సెప్టెంబరు 28 ఆదివారం, దసరా రోజులు. ఎదురింట్లో బొమ్మల కొలువు పేరంటం. ఆడవాళ్ళు కొలువు దగ్గర, మేం టీవీ దగ్గర. ఆ రాత్రే ప్యాకర్స్ పార్సన్స్‌ను వెంటబెట్టుకుని మా స్టేడియానికి వచ్చారు. బల్ల మీద పిన్నిగారి గుత్తివంకాయ. నూనె పైకి తేలి, నువ్వుల వాసన హాలంతా పరుచుకుని ఉంది. నా కూర నాకే అతిథి మర్యాదలతో వడ్డించారు. ఓవర్‌టైమ్ అయ్యేసరికి 40-40. అంత రభస చేసి ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు. నేను నాలుగు వంకాయలు తిన్నాను, మా అమ్మాయి లెక్కపెట్టింది.

ఇక్కడితో ఆగినా బాగుండేది. నవంబరులో జెర్రీ న్యూయార్క్ జెట్స్ దగ్గర క్విన్నెన్ విలియమ్స్‌ను కొన్నాడు. గొప్ప ఆటగాడే. కానీ ఇతనూ డిఫెన్సివ్ ట్యాకిలే, మొన్న వచ్చిన క్లార్క్ లాంటి చోటే. అందుకు 2027 మొదటి రౌండ్ ఒకటి, 2026 రెండో రౌండ్, పైగా 2023లో మొదటి రౌండ్లో ముచ్చటపడి తీసుకున్న మేజీ స్మిత్‌ను ఇచ్చేశాడు. 1989లో హెర్షెల్ వాకర్ అనే ఒక్క ఆటగాణ్ణి ఇచ్చి గంపెడు అవకాశాలు తెచ్చుకుని, వాటితో మూడు సూపర్ బౌల్స్‌కు పునాది వేసిన జట్టు ఇది. ఆ జ్ఞాపకంతోనే మేం ముప్ఫై ఏళ్ళుగా ప్రతి బేరంలోనూ ఏదో వ్యూహం ఉందనుకుంటాం.

నేనూ అనుకున్నాను. ఇండియాకు తిరిగి వెళ్ళిపోతున్న మా ఆఫీసు మిత్రుడి దగ్గర వంచి పిండి తీసుకునే పెద్ద గ్రైండర్ ఉంది. దానికోసం వచ్చే వేసవి ఆవకాయ జాడీ, వాడని మా ఎయిర్ ఫ్రైయర్, సంక్రాంతికి మా అత్తగారు పంపబోయే సున్నుండల్లో సగం రాసిచ్చాను. ఆలు లేదు, చూలు లేదు, సోమలింగాన్ని మాత్రం అప్పటికే దత్తు ఇచ్చేశాను. ఇప్పుడు మా వంటింట్లో రెండు గ్రైండర్లున్నాయి. మినప్పప్పు నానబోసే మనిషి లేరు.

సున్నుండలు పంపకుండా ఈ సంక్రాంతికి అత్తగారే స్వయంగా వచ్చారు. సగం ఏమయ్యాయో నాలుగో రోజు తెలిసింది. ఏమీ అనలేదు, టీవీ ముందు కూర్చుని జెర్రీ గురించి చెప్పించుకున్నారు. తొమ్మిది మంది హెడ్ కోచ్‌లను పెట్టాడని, ఎనిమిది మంది వెళ్ళిపోయారని, తొమ్మిదో ఆయన ఇప్పుడున్నాడని చెప్పాను. ఆవిడ విని, "మరి ఆ మేనేజర్ని ఎవరూ తీసెయ్యరా?" అన్నారు. యజమాని ఆయనే కదండీ అన్నాను. "ఓహో" అని వంటింటి వైపు, మా ఆవిడ వైపు చూశారు. ఆ చూపులో ఒక తరం స్త్రీల అనుభవం ఉంది.

జెర్రీని కూడా ఒకసారి ఆపారు. 2014లో ఆయన జానీ మాంజియల్ అనే తళుకుబెళుకుల క్వార్టర్‌బ్యాక్ మీద మనసు పడితే, కొడుకు స్టీఫెన్, మిగతావాళ్ళు వద్దని, జాక్ మార్టిన్ అనే లైన్‌మన్‌ను తీసుకునేలా చేశారు. మాంజియల్ రెండేళ్ళకే కనుమరుగయ్యాడు. మార్టిన్ పదకొండేళ్ళు గోడలా నిలబడ్డాడు. ఈ కథ మా ఇంట్లో చెప్పకుండా ఉండాల్సింది.

మర్నాడు తెల్లబోర్డు మీద కొత్త జాబితా వెలిసింది. పైన 'ఉండేవి', కింద 'పోయేవి'. ట్రెడ్‌మిల్, ప్యాడిల్ బోర్డు, చిన్న గ్రైండర్ కింద ఉన్నాయి. వాటి తరువాత నా పేరు, పక్కన ప్రశ్నార్థకం. కాస్ట్‌కో కార్డు అప్పటికే నా పర్సులోంచి మాయమైంది.

నియమాలు తెలిసినవాణ్ణి కాబట్టి ఊరుకోలేక చెప్పాను: కొత్త ఆటగాడైతే ముందు వేవర్స్‌లో పెట్టి, ఇంకెవరైనా తీసుకుంటారేమోనని చూడాలి. నాలుగు సీజన్లు నిండిన సీనియర్‌కు మామూలుగా ఆ తతంగం లేదు, నేరుగా వదిలేయవచ్చు. మనకు పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. "అయితే ఇంకా సులువు" అంది మా ఆవిడ.

ఎవరికీ అక్కర్లేనివాళ్ళకు ప్రాక్టీస్ స్క్వాడ్ ఉంటుంది. పదహారు మంది, రోజూ సాధన చేస్తారు, ఆట రోజు పక్కన నిలబడతారు. వాళ్ళను వేరే జట్లు పిలుచుకోవచ్చు. నేను మూడు వారాలుగా అందులో ఉన్నాను. ఎదురింటి నుంచి కూడా పిలుపు రాలేదు. నిన్న మాత్రం అత్తగారు వంటింట్లోంచి కేకేశారు. "ఖాళీగా ఉన్నారా అల్లుడుగారూ? ఆ పెద్ద గ్రైండర్ వంచడం నా వల్ల కావట్లేదు." మినప్పప్పు రాత్రే నానబోశారట.