రూల్సు రావుగారి రాజ్యం

ప్రతి ఆఫీసులోనూ ఒకాయన ఉంటాడు. వయసు నలభై అయిదు దాటి ఉంటుంది. అకౌంట్సులోనో అడ్మిన్‌లోనో సీటు, ముక్కు కొసన కళ్ళజోడు. పొద్దున్నే కంప్యూటరు తెరిచి మనమంతా మెయిళ్ళు చదువుకుంటాం. ఆయన చదవడు, సర్దుతాడు. అదీ చేత్తో కాదు, చేత్తో సర్దడం పామరుల పని. ఏ మెయిలు వస్తే ఏ ఫోల్డరులోకి తనంతట తానే నడిచి వెళ్ళాలో ముందే శాసనం రాసి పెడతాడు. ఔట్‌లుక్ వాడేవాడైతే దాన్ని రూలంటాడు, థండర్‌బర్డ్ వాడేవాడైతే ఫిల్టరంటాడు. ఇంటిపేరేదైనా, ఒంటిపేరేదైనా, వెనకాల జనం మాత్రం రూల్సు రావుగారనే అంటారు.

రావుగారి తెర మీద ఎడమవైపు ఫోల్డర్ల వరస కిందికి జరుపుతూ పోతే టీ చల్లారిపోతుంది. ‘బ్యాంకు’, దాని కడుపులో ‘బ్యాంకు – స్టేట్‌మెంట్లు’, దాని కడుపులో ‘పాతవి’, ఇంకా లోపల ‘మరీ పాతవి’. ‘హెచ్ఆర్ – పండగలు’, ‘హెచ్ఆర్ – పుట్టినరోజులు’, ‘హెచ్ఆర్ – బెదిరింపులు’. చివర్న ‘ఇతరములు’. అందులో మళ్ళీ ‘ఇతరములలో ఇతరములు’. ఇన్‌బాక్సు మాత్రం తుడిచిన పలకలా ఉంటుంది. ఆ ఖాళీని చూసుకుంటూ ఆయన టిఫిను డబ్బా విప్పుతాడు.

తాను బాగుపడి ఊరుకుంటే గొడవ లేదు. పక్కవాళ్ళను కూడా బాగుచేస్తాడు.

“అమ్మాయ్, నీ ఇన్‌బాక్సులో చదవనివి ఎన్ని?”

“పద్నాలుగు వేలు సార్.”

“పద్నాలుగు వేలే! రాత్రిళ్ళు నిద్రెలా పడుతోందమ్మా? లే, ఆ మౌసిటివ్వు.”

ఆ అమ్మాయి లేచి నిలబడుతుంది. పావుగంటలో ఆమెకు పన్నెండు ఫోల్డర్లు పుడతాయి. ఆ నెల పేస్లిప్పు కనిపించలేదు. మర్యాదస్తురాలు కనక ఆయన్ను అడక్కుండా హెచ్ఆర్ వాళ్ళను అడిగి మళ్ళీ తెప్పించుకుంది. రెండోది కూడా మొదటిది పోయిన చోటికే పోయింది.

న్యాయంగా మాట్లాడుకుంటే, ఈ వ్యాధి రావుగారితో మొదలు కాలేదు. ఇంటర్నెట్‌కు తాతలాంటి ఆర్పానెట్‌లో 1978 మే 3న డెక్ కంపెనీ అమ్మకాల మనిషి గ్యారీ థ్యూర్క్ తమ కంప్యూటర్ల ప్రచారానికి నాలుగు వందల మంది దాకా ఒకే మెయిలు కొట్టాడు. అక్కర్లేని మెయిళ్ళకు ఆది అదేనని చెబుతారు. అంతకు రెండున్నరేళ్ళ ముందే, 1975 నవంబరులో, జాన్ పోస్టెల్ అనే మహానుభావుడు అక్కర్లేని సందేశాలను గుమ్మంలోనే తిప్పి పంపే ఏర్పాటు ఉండాలని రాసి పెట్టాడు. జబ్బు పుట్టకముందే మందు నూరినవాడు. ఈ సంగతి తెలిస్తే రావుగారు ఆయన ఫొటో తెచ్చి సీటు వెనక దండ వేస్తాడు. అందుకే నేను చెప్పలేదు.

రూలు రాయడం అనుకున్నంత తేలిక కాదు. ముఖ్యంగా తెలుగువాళ్ళ ఆఫీసులో. ఒకసారి విసిగించే సప్లయరు ఒకాయన మెయిళ్ళు ఆపాలని, పంపినవారి పేరులో ‘రావు’ అని ఉంటే పక్కకు తోసెయ్యమని మనవాడు రాశాడు. సగం ఆఫీసు పక్కకు పోయింది. సుబ్బారావు, వెంకట్రావు, నాగేశ్వరరావు, క్యాంటీను కాంట్రాక్టరు, కంపెనీ ఆడిటరు, అందరూ. రూలు నడుస్తోందా లేదా అని తనకు తానే ఒక మెయిలు పంపి చూసుకున్నాడు. అదీ రాలేదు. రూలు దివ్యంగా నడుస్తోందని తేల్చుకుని భోజనానికి వెళ్ళాడు.

తర్వాత శ్రీనివాస్‌ల సమస్య. శ్రీనివాస్ లేని తెలుగు ఆఫీసు ఉండదు, ఒక్కడే ఉన్న ఆఫీసు అసలుండదు. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒకాయన ఎస్ పక్కన హెచ్ ఇరికిస్తాడు, ఒకాయన ఐ బదులు రెండు ఈలు వేస్తాడు, ఇంకొకాయన సంఖ్యాశాస్త్రం ప్రకారం చివర్న ఒక ఏ తగిలించుకున్నాడు. కంప్యూటరుకు వీళ్ళంతా వేరు వేరు జాతులు. ఒక్కొక్కరికి ఒక్కో రూలు పెట్టేసరికి ‘శ్రీనివాసులు’ అనే ఫోల్డరు ఆయన రాజ్యంలో ఒక జిల్లా అంత అయింది.

అన్ని షరతులూ కుదిరితేనా, ఏ ఒక్కటి కుదిరినా చాలా? థండర్‌బర్డ్‌లో ఫిల్టరు పెట్టబోతే అడిగే ప్రశ్న ఇదే. అడ్మిన్‌లో ఉండే ఇంకో రావుగారు హడావుడిలో రెండోది నొక్కాడు. ‘పంపినవారు ఫైనాన్సు, సబ్జెక్టులో బిల్లు’ అని ఆయన ఉద్దేశం. ఫైనాన్సు వాళ్ళు పంపినవన్నీ, ప్రపంచంలో ఎవరు పంపినా సరే బిల్లు అన్న మాట ఉన్నవన్నీ ఒకే గోతిలో పడ్డాయి. కరెంటు బిల్లు అందులోనే ఉంది. రెండో నోటీసులో కూడా ‘బిల్లు’ అనే ఉంటుంది కదా, అదీ వెళ్ళి మొదటిదాన్ని కలుసుకుంది.

ఔట్‌లుక్ రూల్సు పైనుంచి కిందికి వరస ప్రకారం నడుస్తాయి. ‘ఇక తర్వాతి రూల్సు చూడకు’ అని ఒక గడి ఉంటుంది. అక్కడ టిక్కు పెట్టడం మరిస్తే ఒకే మెయిలును రెండు రూల్సు పట్టుకుని రెండు ఫోల్డర్లలో రెండు కాపీలు పెడతాయి. అలా ఒక బిల్లుకు రావుగారు రెండుసార్లు ఓకే చెప్పాడు. ఆ బిల్లు తాలూకు సప్లయరు దసరాకు పంపిన స్వీట్ల డబ్బా ఇప్పటికీ ఆఫీసులో చెప్పుకుంటారు.

అయితే ఆయన రూల్సులో నేను నిజంగా అసూయపడేది ఒకటుంది. ‘టూ’లో నా పేరు లేకపోతే నా కంటికి చూపించకు, సీసీ ఫోల్డరులో పారెయ్. మన ఆఫీసుల్లో సీసీ అంటే సమాచారం కాదు, సాక్ష్యం. ఇద్దరు పోట్లాడుకుంటూ ఊరందర్నీ సీసీలో నిలబెడతారు. రావుగారి మీద పైవాళ్ళకు వెళ్ళిన ఫిర్యాదులన్నీ మర్యాద కోసం ఆయనకూ సీసీలో వచ్చాయి. ఆయన ఒక్కటీ చూడలేదు. తనకు ఆఫీసులో శత్రువే లేడని ఆయన మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. ఆయన ఈడు వాళ్ళలో బీపీ మాత్ర వేసుకోనివాడు ఆ ఫ్లోరులో ఆయనొక్కడే.

ఇక ప్రమోషను సంగతి. లాటరీ తగిలిందని వచ్చే దొంగ మెయిళ్ళన్నీ ‘కంగ్రాచ్యులేషన్స్’ అనే మొదలవుతాయి. ఆ మాట సబ్జెక్టులో కనపడితే శాశ్వతంగా తీసెయ్యమని రావుగారి ఆజ్ఞ. మామూలు డిలీటును ఆయన నమ్మడు, చెత్తబుట్ట కూడా ఖాళీగానే ఉండాలి. ఇరవై ఏళ్ళ సర్వీసు తర్వాత ఆయనకు ప్రమోషను ఇస్తూ హెచ్ఆర్ వాళ్ళు ప్రేమగా ఏ మాటతో మొదలుపెట్టారో మీరూహించగలరు. వారం దాటినా ఉలుకూ పలుకూ లేకపోయేసరికి, మనిషికి అలకేమోనని వాళ్ళే వచ్చి అడిగారు. ఇలా పోయినవాటిని సర్వరు మామూలుగా 14 రోజులు దాచి ఉంచుతుంది. ఐటీ కుర్రాడు తవ్వి తీశాడు. రావుగారు ఉత్తరం వైపు ఒకసారి, తేదీ వైపు ఒకసారి చూసి, “గమనించారా, వచ్చిన నిమిషంలోనే లేపేసింది! రూలంటే అదీ” అన్నాడు. జీతం ఎంత పెరిగిందో సాయంత్రం ఇంట్లోవాళ్ళు అడిగాక మళ్ళీ తెరిచి చూశాడట.

ఔట్‌లుక్ రూల్సులో రెండు జాతులున్నాయి. కొన్ని సర్వరులో నడుస్తాయి, మనం ఉన్నా లేకపోయినా. కొన్ని మన కంప్యూటరు వెలుగుతూ, అందులో ఔట్‌లుక్ తెరిచి ఉంటేనే నడుస్తాయి. గంట మోగించమనో, హార్డ్ డిస్కులోని ఫోల్డరుకు తరలించమనో చెబితే అది రెండో జాతి. రావుగారికి గంటలిష్టం. అందుకని సంక్రాంతికి భీమవరం వెళ్తూ కంప్యూటరు ఆపకుండా, తెర మీద ‘దయచేసి ఆఫ్ చేయవద్దు’ అని కాగితం అంటించి వెళ్ళాడు. భోగి నాడు బిల్డింగు వాళ్ళు కరెంటు పని పెట్టుకున్నారు. కాగితం చదివే అలవాటు కరెంటుకు లేదు. అంతటితో ఆ జాతి రూల్సన్నీ మూర్ఛపోయాయి. వడకట్టని మెయిళ్ళు తిన్నగా ఆయన ఫోనులోకి దిగాయి. జనవరి ఆఫర్లు, శుభాకాంక్షలు, శ్రీనివాస్‌లందరూ. కోడిపందేల బరి దగ్గర ఆయన జేబు టింగు టింగు మంటుంటే బావమరిది చేతులెత్తి దణ్ణం పెట్టాడు. “బావా, నీకు పుణ్యముంటుంది, ఆ ఫోను ఆపు. పుంజు బెదురుతోంది.”

ఇంత రాజ్యానికి ఒకనాటికి హద్దు తగలక తప్పదు. ఆఫీసు మెయిళ్ళను నడిపే ఎక్స్ఛేంజ్ సర్వరు ఒక్కొక్కరి రూల్సుకు ఇచ్చే చోటు 2003 వెర్షను దాకా 32 కిలోబైట్లు. 2007 వెర్షను నుంచి మామూలుగా 64, ఐటీవాళ్ళు దయతలిస్తే 256 దాకా. రావుగారు 64 నింపేశాడు. చోటు చాలదని సర్వరు మొరాయించింది. దీనికి అందరూ చెప్పే ఉపాయం రూల్సు పేర్లు కుదించడం. ఒక ఆదివారం కూర్చుని, ముచ్చటగా పెట్టుకున్న పేర్లన్నీ పీకేసి క1, క2, త7 అని మార్చాడు. చోటు దొరికింది. ఇప్పుడు త7 ఏం చేస్తోందో ఆయనకు తెలీదు, తీసేస్తే ఏమవుతుందో అసలే తెలీదు. త7కు మాత్రం తన పని తెలుసు. రోజూ ఏదో ఒకటి ఎక్కడికో మోసుకుపోతూనే ఉంది.

పంపే మెయిళ్ళకూ ఆయన దగ్గర రూలుంది. పంపు నొక్కాక అయిదు నిమిషాలు ఆగి వెళ్ళాలి. ఔట్‌లుక్ 120 నిమిషాల దాకా ఆపనిస్తుంది. కోపంలో రాసినవి వెనక్కి తీసుకోవడానికి ఇది మంచిదని చెబుతాడు. ఆయన వెనక్కి తీసుకోగా నేను చూడలేదు, కామాలు సరిచేసి మళ్ళీ పంపుతాడు. ఇదివరకు యుడోరా అని ఒక మెయిలు ప్రోగ్రాం ఉండేది, 1988లో స్టీవ్ డోర్నర్ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రాసింది. 2000లో వచ్చిన వెర్షనులో, రాసిన మెయిలు ఎంత ఘాటుగా ఉందో చూసి ఒకటి నుంచి మూడు దాకా మిరపకాయల బొమ్మలు వేసి హెచ్చరించేది. మన గుంటూరు వైపు మూడు మిరపకాయలంటే ముద్దపప్పు కింద లెక్క కనక అది ఇక్కడ ఎవరినీ ఆపి ఉండదు.

ఇంతా ఎందుకు చేస్తాడంటే, నాకు తోచిన కారణం ఒకటే. ఇంట్లో టీవీ రిమోటు ఆయన చేతికి రాదు. కొడుకు హెల్మెట్టు పెట్టుకోమంటే పెట్టుకోడు. ఆఫీసులో సర్క్యులరు పంపితే, లీవు లెటరు మూడు రోజుల ముందు ఇమ్మంటే, ఎవరూ వినరు. ఆయన ఒకసారి చెప్పగానే, ఎదురు మాట్లాడకుండా, చెప్పింది చెప్పినట్టు చేసేవి ఈ భూమ్మీద ఆ మెయిళ్ళొక్కటే. చెప్పింది తప్పైనా సరే చేస్తాయి, అదే వాటి గొప్ప.

ఈమధ్య ఆయనకు కొత్త దిగులు పట్టుకుంది. కొత్త ఔట్‌లుక్ వచ్చినప్పుడు, కంప్యూటరు వెలుగుతుంటేనే నడిచే ఆ రెండో జాతి రూల్సుకు అందులో చోటు పెట్టలేదు. తెర మీద కుడివైపు మూలన ‘కొత్తది వాడి చూడండి’ అని ఒక స్విచ్చు పిలుస్తూ ఉంటుంది. రావుగారు దాని మీద పసుపుపచ్చ చీటీ అంటించాడు. ఐటీ కుర్రాడు వస్తే కుర్చీ జరిపి అడ్డం కూర్చుంటాడు.

కాబట్టి మీ ఆఫీసు రావుగారితో తొందర పని ఏదైనా ఉంటే మెయిలు మాత్రం పెట్టకండి. ‘అర్జంటు’ అన్న మాటకు కూడా ఆయన దగ్గర ఒక ఫోల్డరుంది. లేచి సీటు దగ్గరికి వెళ్ళి చెప్పండి. మధ్యాహ్నం మూడు దాటాక వెళ్ళండి, అంతదాకా రూల్సు సవరిస్తుంటాడు.