ఏడవ తరమువారికి ప్రవేశము లేదు

లింగాల మండలమున చీనితోట పెట్టిన రైతునకు ఎవ్వరును నేర్పనక్కరలేని సంగతి యొకటి కలదు: వేరు జంబేరిది, కొమ్మ చీనిది; నేలను పట్టుకొని నిలిచిన వేరును పెకలింపక, దానిపై మంచి కన్ను నంటుగట్టినచో కావలసిన కాయ కాయును. ఈ పాటి తోటవిద్య అమెరికాలోని రెడ్మండు పట్టణమునకు ఇంకను చేరినట్లు లేదు. అచ్చటి మైక్రోసాఫ్టు ప్రభువులు 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు ఉచితరక్షణ చాలించి, విండోస్ 11 కోరు యంత్రములు ఇంటెల్ వంశమున ఎనిమిదవ తరమునకు తగ్గనివై, టీపీఎం 2.0 అను ముద్రిక ధరించినవై యుండవలెనని శాసించిరి. 2016లో కొన్న పెట్టె, పిల్లవాని హాల్‌టికెట్టును, పొలము అడంగలు నకలును నేటికిని తప్పులేక అచ్చువేసి యిచ్చుచున్నను, పుట్టిన తరము మంచిది కానందున ముసలిదయ్యెను. ఏడవ తరమున మినహాయింపు పొందిన కొలదిమందిలో, ఆ ప్రభువుల సొంత సర్ఫేస్ స్టూడియో 2 నందలి చిప్ ఒకటి. దేవిడీ బంధువులకు ద్వారపాలకుడు అడ్డుపడుట ఎన్నడు కంటిమి?

శాసనము నట్లుంచి చికిత్స చూతము. పెట్టె మూత విప్పి, ఏండ్లనాటి లింగాల ధూళిని ఊదివేసి, ర్యామ్ బద్ద పసుపుపచ్చని అంచును పిల్లల రబ్బరుతో మెల్లగా రుద్ది, తేదీ మరచిన మదర్‌బోర్డునకు సీఆర్ 2032 బిళ్ల యొకటి మార్చినచో సగము రోగము కుదురును. మిగిలిన సగము హార్డ్‌డిస్కుది: చక్రము తిరిగి, సూది వెదకి, అక్షరము దొరకువరకు యజమాని టీ త్రాగి వచ్చుచుండెను. ఆ స్థానమున చిన్న సాటా ఎస్.ఎస్.డి.ని కూర్చి, పాత డిస్కును పెండ్లిఫోటోల కొట్టుగా రెండవ తీగకు తగిలించి, హైదరాబాదు స్వేచ్ఛ సంస్థవారు తెలుగుచేసిన లినక్సు వంటిదానిని ఎక్కించితిమా, తరము అడుగువాడు లేడు.

అయితే పొదుపునకును ఒక పిచ్చి కలదు. కొత్త ప్రాసెసరు చవుకగా దొరికెనని కొన్నవానికి పాత బోర్డు ఒప్పదు. బోర్డు మార్చిన, డీడీఆర్ 3 బద్ద డీడీఆర్ 4 గాడిలో దిగదు, గంటు చోటు వేరు. అదియు కొన్న పిదప కరెంటు నందించు ఎస్.ఎం.పి.ఎస్. మొరాయించును. తుదకు పాతదనుచు మిగిలినది కేబినెట్టును, దానిపై కప్పిన పువ్వుల గుడ్డయును. అయినను వీథివారితో “పాతదానితోనే సరిపెట్టితిని” అని చెప్పుకొనుటలోని సుఖము తీసివేయరానిది. ఉబ్బిన కెపాసిటర్ల ఎస్.ఎం.పి.ఎస్.ను మాత్రము దాచుకొనువానిని నేను పొదుపరి యనను. పెట్టె నంతయు దహనము చేయుటకు వాడు అగ్గిపుల్ల సిద్ధపరచినాడు.

ఇక మెమరీ. కృత్రిమమేధా భవనములు లోకములోని మెమరీని ఆరగించుచుండగా, మైక్రాన్ సంస్థ క్రూషియల్ అను పేర సామాన్యులకు అమ్ముచుండిన వ్యాపారమును విడిచెదనని 2025 డిసెంబరులో ప్రకటించెను. యంత్రములకు బుద్ధి గలుగుటకై మనుష్యులు జ్ఞాపకశక్తిని త్యాగము చేయవలసిన కాలము. కావున పాతసామాను బండివాడు మీ పెట్టెను కాటాపై నెక్కించి ఇనుము ధర కట్టకముందే ర్యామ్ బద్దను ఊడదీసికొనుడు. తూకములో ఆ తేడా వానికి తెలియదు. తెలిసిననాడు వాడును బండి నమ్మి మెమరీ వర్తకుడగును.